ఈ వారం సమస్య: తప్పు లేని లేఖ ముప్పు దెచ్చె

నిర్వాహకుడు (కోదాడ):
ఈసారి కూడా ఆటవెలదే. నాలుగో పాదం పైన ఉంది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

ఇది నాకు ఎక్కడ తగిలిందో చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 1940 జూలైలో ఎస్.ఓ.ఇ. అనే రహస్య సంస్థ పెట్టింది. ఆఫీసు లండన్‌లో, 64 బేకర్ స్ట్రీట్. జర్మన్లు ఆక్రమించిన దేశాల్లోకి రాత్రిపూట మనుషులను దింపి, కూపీలు లాగించడం, రైలు పట్టాలూ ఫ్యాక్టరీలూ పేల్పించడం దాని పని. వైర్‌లెస్ ఏజెంటుకు ఒక పద్యం బట్టీ పట్టించి పంపేవాళ్లు. అందులోంచి ఐదు మాటలు ఏరి, ఆ అక్షరాలకు వరుస నంబర్లు వేస్తే అదే సందేశానికి తాళంచెవి. తాళంచెవిలో ఒక్క అక్షరం తప్పితే సందేశమంతా అటుకుల మూట. ఇది కాక, ముందే అనుకున్న ఒక ‘గుర్తు తప్పు’ ప్రతి సందేశంలో కావాలని చేయాలి. అది కనపడకపోతే మనవాడు పట్టుబడ్డాడని లెక్క.

గణభంగానికి ప్రాణాలు పోయే చోటు ఇదొక్కటే అనుకుంటాను. యుద్ధకాలం, రహస్యం, రెండూ పూరణలో ఉండాలి. ప్రేమలేఖలు పంపొద్దు, దండం పెడతాను.

మిర్యాల మిల్లు:
చెరను బడ్డవాడు చేర్చు సందేశాన
గుర్తు తప్పు నొకటి కూర్చలేదు
దొరలు మురిసిపోయి తోడువారిని బంప
తప్పు లేని లేఖ ముప్పు దెచ్చె

ఇది హాలెండ్‌లో జరిగింది. 1942లో దొరికిపోయిన ఆపరేటర్ గుర్తు తప్పు చేయకుండానే పంపాడు. లండన్ పట్టించుకోలేదు. ఆ తర్వాత యాభైకి పైగా ఏజెంట్లు పారాచూట్లతో దిగి నేరుగా జర్మన్ల చేతుల్లో పడ్డారు.

పానగల్ మాస్టారు:
మూడో పాదం బాగుంది. కానీ చమత్కారం నిర్వాహకుడు ముందే చెప్పేశాడు, మీరు దాన్ని బస్తాలా మోసుకొచ్చారు. ‘చెరను’కూ ‘బడ్డ’కూ మధ్య అరసున్న (ఁ) ఎక్కడ?

దేవరకొండ పోస్టు:
మాస్టారికి అరసున్న కనపడకపోతే అన్నం సయించదు. నా పేచీ వేరు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో స్టాంపులు కొట్టినవాణ్ని. లేఖ వేరు, తంతి వేరు. ఇక్కడ తంతి కూడా లేదు, ఉత్త గాలి. గాలిలో పోయేది లేఖ ఎట్లవుతుంది?

మిర్యాల మిల్లు:
పాదం నాది కాదు సార్, నిర్వాహకుడిది. ఆయన్నే అడగండి.

నిర్వాహకుడు:
లేఖ అంటే రాత. ముందు కాగితం మీద రాసుకునే కదా కొట్టేది? ఒప్పుకోండి, లేకపోతే పాదం మార్చాలి.

దేవరకొండ పోస్టు:
పోస్టల్ డిపార్ట్‌మెంట్ ఒప్పుకోదు. నేను ఒప్పుకున్నా.

సూర్యాపేట అమ్మమ్మ:
బేకర్ వీధి దాకా ఎందుకు? మన దగ్గర లేదా రహస్యం? సాయుధ పోరాటంలో దళాలకు చీటీలు మోసినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. మా అమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, లోపల చీటీ పెట్టుకుని పోయేదట.

చదువు రాని యన్న చక్కగా రాసెనా
యనుచు కొరియరమ్మ యడవి జొచ్చె
దొంగ చీటి రాసి దొరికెను పట్వారి
తప్పు లేని లేఖ ముప్పు దెచ్చె

మిర్యాల మిల్లు:
అబ్బ! అందరం ముప్పు మనవాడికే వచ్చిందని రాస్తుంటే అమ్మమ్మ దాన్ని దొంగ రాతగాడి మీదికి తిప్పింది. దళం అన్న ఒత్తులు లేకుండా రాస్తాడు, పట్వారికి ఒత్తులు రాయకపోతే చెయ్యి ఆగదు. అక్కడ దొరికాడు.

పానగల్ మాస్టారు:
ఊహ గొప్పది, కాదనను. ‘పట్వారి’ని ఇంద్రగణంలో కూర్చోబెట్టిన తీరు ఇంకా గొప్పది. కానీ చదువు రానివాడు చీటీ ఎలా రాస్తాడమ్మా? అది మొదటి పాదంలోనే కూలిపోయింది. ‘కొరియరమ్మ’ గురించి మాట్లాడను.

దేవరకొండ పోస్టు:
ఎందుకు మాట్లాడరు? ఆ రోజుల్లో జనం అన్న మాటే అది. ‘వార్తాహరి’ అంటే గడ్డిమోపు కింద పడేసి నవ్వేవాళ్లు. చదువు సంగతికి ఇదిగో మందు: ‘చదువు తక్కువన్న చక్కగా రాసెనా’. గణం కదలలేదు, యతి కదలలేదు, అన్నకు అక్షరాలు వచ్చాయి.

సూర్యాపేట అమ్మమ్మ:
తీసుకున్నా తమ్మీ. నువ్వు దిద్దితే నొప్పి తెలియదు. కొందరు దిద్దితే వాత పెట్టినట్టుంటది.

పాలమూరు పిల్లగాడు:
నాది కూడా ఒకటి. తిట్టకండి.

సెలవు చీటి రాసి చేతి కిచ్చెను మామ
బడికి పోయి యిస్తి భయము తోడ
నీదు రాత కాదు నిజం చెప్పు మనెను
తప్పు లేని లేఖ ముప్పు దెచ్చె

నిర్వాహకుడు:
యుద్ధం ఏది నాయనా?

పాలమూరు పిల్లగాడు:
అర్ధసంవత్సర పరీక్షల వారం సార్. అంతకంటే యుద్ధకాలం ఏముంటుంది?

పానగల్ మాస్టారు:
యుద్ధం తర్వాత. ముందు ‘నిజం’ సంగతి చూడు. లఘువు మీద గురువు ఎక్కి కూర్చుంది. అది ఏ గణం? సూర్యుడిదా, ఇంద్రుడిదా, మీ మామదా? ‘నిజము చెప్పు మనెను’ అంటే హాయిగా నడిచేది. పోయిన నెలలో ‘జలం’, అంతకుముందు ‘వనం’. ప్రతిసారీ అదే గుంతలో కాలు.

పాలమూరు పిల్లగాడు:
అది నా గుర్తు తప్పు సార్. ఆ సున్న లేకపోతే పద్యం నేను రాయలేదని మీకు తెలియాలి. 1943లో పారిస్‌లో పట్టుబడ్డ ఆపరేటర్ సందేశంలో గుర్తు లేకపోతే, లండన్ వాళ్లు ‘గుర్తు మర్చిపోయావు, ఈసారి జాగ్రత్త’ అని తిరుగు జవాబు పంపారట. దాన్ని చదివింది జర్మన్లు! మీరూ అచ్చం లండన్ లెక్కనే ఉన్నారు.

దేవరకొండ పోస్టు:
హహ్హా! మాస్టారూ, పాలమూరు పోరడు మిమ్మల్ని బేకర్ వీధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

నిర్వాహకుడు:
ఎస్.ఓ.ఇ. వాళ్లు చచ్చిన ఎలుకల పొట్టల్లో పేలుడు మందు కుక్కి పంపబోయారు. బొగ్గు కుప్పలో పడేస్తే ఎవడో బాయిలర్‌లోకి విసురుతాడని. మొదటి సరుకే జర్మన్లకు చిక్కింది, ఒక్క ఎలుకా పేలలేదు. కానీ ఆ తర్వాత జర్మన్లు ఇంకెక్కడ ఎలుకలున్నాయో అని వెతుక్కుంటూ తిరిగారు. పిల్లగాడి సున్న కూడా అదే. పేలలేదు, కానీ ఇంతమంది పనులు మానుకుని దాని చుట్టూ తిరుగుతున్నారు.

పానగల్ మాస్టారు:
ఇక నాది.

టిప్పు వంశమందు గొప్పగాఁ బుట్టిన
నూరు వాణి పరుల నోటఁ బలికె
మోర్సు మీట నొక్కె మోసగాఁ డొక్కఁడు
తప్పు లేని లేఖ ముప్పు దెచ్చె

నూర్ ఇనాయత్ ఖాన్. 1943 జూన్‌లో ఫ్రాన్సులో దిగింది. ఆక్రమిత ఫ్రాన్సుకు ఎస్.ఓ.ఇ. పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్. తోటివాళ్లు వరసగా పట్టుబడుతున్నా సెట్టు మోసుకుంటూ చోటు మారుతూ పంపుతూనే ఉంది. అక్టోబరులో దొరికింది. ఆమె రాసి దాచుకున్న పాత సందేశాలు చూసి జర్మన్లు ఆమె పేరుతో లండన్‌కు కొట్టారు, లండన్ నమ్మింది. 1944 సెప్టెంబరు 13న దాఖౌ క్యాంపులో కాల్చి చంపారు. ఆమె తండ్రి, సూఫీ గాయకుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్ మన హైదరాబాదులో నిజాం కొలువులో పాడినవాడే. ఆయనకు గురువు దొరికిందీ ఆ ఊళ్లోనే.

సూర్యాపేట అమ్మమ్మ:
సెప్టెంబరు 13... నాలుగేళ్ల తర్వాత, 1948లో అదే తేదీన మన మీదికి పోలీస్ యాక్షన్ మిలటరీ వచ్చింది. పద్యం చదివి కాసేపు ఊరుకున్నా మాస్టారూ. ‘పరుల నోటఁ బలికె’ దగ్గర గొంతు పట్టింది.

మిర్యాల మిల్లు:
‘ప్ప’తో తలుపు తీసి ‘ప్ప’తోనే మూశారు. ‘మోర్సు మీట, మోసగాడు’ చదువుతుంటే టక్కుటక్కుమని వినపడుతోంది. నా బస్తా నేను తీసుకుపోతా.

దేవరకొండ పోస్టు:
పద్యం బాగుంది, నేనే ముందు ఒప్పుకుంటా. కానీ ‘నూరు వాణి’ అంటే మా వీధిలో వంద రేడియోలు అనుకుంటారు. ఆమెకు మెడలిన్ అని మారుపేరు ఉంది కదా, అది పెట్టుకోకపోయారా?

పానగల్ మాస్టారు:
టిప్పు వంశపు పిల్లను మారుపేరుతో పిలవడానికి నాకు మనసొప్పలేదు. సంస్థ పెట్టిన పేరు సంస్థకే.

దేవరకొండ పోస్టు:
ఆగండాగండి. పోయిన దసరాకు ‘చేప యెక్కి తాటి చెట్టు గీసె’ ఇచ్చారు గుర్తుందా? చేప అనేది కల్లు గీసే గౌడన్నకు ఊళ్లో పెట్టిన మారుపేరని నేను పూరిస్తే, ‘పేరు పెట్టి గోడ దూకడం పూరణ కాదు’ అని మూడు పేరాలు రాశారు. ఇప్పుడు ఒక ప్రపంచ యుద్ధమే మారుపేర్ల మీద నడిచింది అంటున్నారు. నా చేప సంగతి ఏం చేద్దాం?

పానగల్ మాస్టారు:
ఆ చేపలో యతి కూడా తప్పింది.

దేవరకొండ పోస్టు:
తప్పలేదు! ‘చే’కు ‘చె’ చెల్లదా? పాదం నిర్వాహకుడిదే కదా!

పానగల్ మాస్టారు:
నాలుగో పాదం కాదు. రెండోది. వెనక్కి వెళ్లి చూసుకోండి.

దేవరకొండ పోస్టు:
చూశాను. సరే. కానీ చేప చేపే.

నిర్వాహకుడు:
దసరా చేపను ఇక్కడ వండొద్దు. రేపు రాత్రితో ఈ వారం మూసేస్తున్నా. ఇంకెవరైనా?

పాలమూరు పిల్లగాడు:
తప్పుతోడ రాస్తి తంటాలు బడితిని
ఒప్పు రాయ నింద తప్పలేదు
ఎవరి చేతఁ జిక్కె నీ పిల్ల డందురు
తప్పు లేని లేఖ ముప్పు దెచ్చె

మిర్యాల మిల్లు:
ఓరి నీ! రెండుసార్లు గణాలు లెక్కపెట్టా. ఎక్కడా సున్న జారలేదు. రెండో పాదంలో ప్రాసయతి కూడా వేశాడు.

సూర్యాపేట అమ్మమ్మ:
‘నీ పిల్లడు’ దగ్గర ‘ఎ’కు ‘ఈ’ కుదిరింది చూడండి. మనవడా, నిజంగా నువ్వేనా?

పాలమూరు పిల్లగాడు:
నేనే అమ్మమ్మా. ఒట్టు.

దేవరకొండ పోస్టు:
ముప్పై ఏళ్లు కవరు విప్పకుండా రాత చూసి ఎవరిదో చెప్పినవాణ్ని. మూడో పాదం చూడండి. ‘చేత’కూ ‘జిక్కె’కూ మధ్య అరసున్న. ఈ గుంపులో ఫోన్ కీబోర్డులో అరసున్న ఎక్కడుంటుందో తెలిసినవాడు ఒక్కడే. ఆపరేటర్‌ను మార్చినా చేతివాటం మారదు. మాస్టారూ, ఎంతకాలంగా నడుస్తోంది ఈ రహస్య సంస్థ?

నిర్వాహకుడు:
మాస్టారు ఆన్‌లైన్‌లోనే ఉన్నారు. ఏదో టైప్ చేస్తున్నారు, చెరిపేస్తున్నారు.

పానగల్ మాస్టారు:
అరసున్న ఒక్కటే నాది. మిగతాదంతా వాడిదే.