రంగులు మారే ఊలుకు సాదా అల్లికే గతా? (చర్చ)

ఊలుగూడు
మూడేళ్ల పాపకు ముందు బొత్తాలుండే స్వెటర్ అల్లుతున్నాను. ఊలు చేత్తో రంగులు వేసినది, డీకే మందం (మరీ సన్నం, మరీ లావు కానిది), 100 గ్రాముల చిలపలు (వలయంలా చుట్టిన ఊలు కట్టలు) మూడు, ఒక్కోటి 210 మీటర్లు. రంగులు ఈ వరసలో వస్తాయి: గులాబీ, పచ్చ, నీలం, పసుపు. సూదులు 4 మి.మీ., 10 సెం.మీ.కి 22 కుట్లు. 25 కుట్లతో నమూనా ముక్క అల్లినప్పుడు రంగులు చక్కగా చెదిరి పడ్డాయి. 60 కుట్లతో వెనక భాగం మొదలుపెట్టాక కుడి సగమంతా గులాబీ-పసుపు, ఎడమ సగమంతా పచ్చ-నీలం గుమిగూడాయి. 30 కుట్ల ముందు భాగమేమో సన్నటి చారలుగా వస్తోంది. రెండూ ఒకే ఊలు అంటే నమ్మేలా లేవు.

"మల్టీకలర్ ఊలుకు సాదా అల్లికే నప్పుతుంది" అని అందరూ చెబుతారు. నేను వేస్తున్నది సాదా స్టాకినెట్టే (ముందువైపు నున్నగా వచ్చే మామూలు అల్లిక). మరి ఇలా ఎందుకైంది? ఆ మాట నిజమేనా?

రెండు సూదులు
ఆ మాట నిజమే, నేను దాని పక్షమే. అల్లికలో కంటికి కనిపించేది రెండే: రంగు, నీడ. కేబుల్ (జడలాంటి మెలిక), బాబుల్ (ఉబ్బెత్తు గుబ్బ), లేసు రంధ్రం ఇవన్నీ నీడ వల్ల కనిపిస్తాయి. ఊలులోనే లేత రంగు, ముదురు రంగు పక్కపక్కన ఉంటే ఆ నీడను రంగు మింగేస్తుంది. మూడు రాత్రులు కూర్చుని వేసిన కేబుల్ అడుగు దూరం నుంచి కూడా ఆనదు.

కొనేముందు ఒక పని చేయండి. చిలప ముడి విప్పి, పెద్ద వలయంలా పరిచి, ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. మొత్తం దాదాపు ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ ఊలుతో డిజైన్ వేయొచ్చు. తెల్ల ముక్కలు, నల్ల ముక్కలుగా విడిపోయి కనిపిస్తే స్టాకినెట్ లేదా గార్టర్ (రెండు వైపులా అడ్డ గట్లు వచ్చే సాదా అల్లిక), అంతే. మెలితిప్పి ఉన్న చిలపను చూసి ఎప్పుడూ కొనకండి. అందులో రంగులు కలగలిసి కనిపిస్తాయి, అల్లాక విడివిడిగా బయటపడతాయి.

కుట్టు లెక్క
ఫొటో పరీక్ష మంచిదే. కానీ ఊలుగూడు గారి సమస్య డిజైన్‌ది కాదు కదా, సాదా అల్లికలోనే వచ్చింది. అంటే "సాదా వేస్తే చాలు" అన్న సూత్రం సగమే నిజం.

ఊలుగూడు గారూ, రెండు కొలతలు కావాలి.

మొదటిది: గులాబీ మొదలైన చోటు నుంచి మళ్లీ గులాబీ మొదలయ్యే వరకు పొడవు. దీన్ని రిపీట్ అంటారు. చేత్తో రంగు వేసిన చిలపల్లో చాలాసార్లు ఇది చిలప వలయం చుట్టుకొలతంతే ఉంటుంది, ఎందుకంటే చిలపను పరిచి దాని మీదే రంగు పోస్తారు. ఒక్కో రంగు ముక్క విడిగా ఎంతో కూడా చూడండి.

రెండోది: ఒక కుట్టుకు పట్టే ఊలు. వరుస మధ్యలో ఊలు మీద ఒక గుర్తు పెట్టి, 20 కుట్లు మీ మామూలు బిగువులోనే అల్లి, రెండో గుర్తు పెట్టి విప్పేయండి. రెండు గుర్తుల మధ్య ఊలును లాగకుండా కొలిచి 20తో భాగించండి.

ఊలుగూడు
కొలిచాను. రిపీట్ 160 సెం.మీ., ఒక్కో రంగు సుమారు 40. ఇరవై కుట్లకు 27 సెం.మీ. పట్టింది.

కుట్టు లెక్క
అయితే కుట్టుకు 1.35 సెం.మీ. 160ని దానితో భాగిస్తే సుమారు 118 కుట్లు. ఒక్కో రంగు 29-30 కుట్లు.

మీ వెనక భాగం 60 కుట్లు. వెళ్లే వరుసలో కుడి సగం గులాబీ, ఎడమ సగం పచ్చ. తిరిగొచ్చేటప్పుడు పచ్చ మీద నీలం, గులాబీ మీద పసుపు. రెండు వరుసలకు 120 కుట్లు, రిపీట్ 118. అంటే మూడో వరుస మళ్లీ గులాబీతోనే మొదలు. అందుకే రంగులు కదలకుండా అక్కడక్కడే కూర్చున్నాయి.

ముందు భాగం 30 కుట్లు, అంటే ఒక వరుసకు సరిగ్గా ఒక రంగు. ఒకటి గులాబీ, తర్వాత పచ్చ, నీలం, పసుపు. చారలు కాక ఇంకేం వస్తాయి?

నమూనా ముక్క మిమ్మల్ని మోసం చేసిందీ ఇక్కడే. 25 కుట్లంటే రెండు వరుసలకు 50, అది 118లో ఎటూ ఇమడదు, కాబట్టి రంగులు చెదిరాయి. రంగులు మారే ఊలుకు చిన్న నమూనా ముక్క కొలత చెబుతుంది గానీ రంగు ఎలా పడుతుందో చెప్పదు. రంగు కూడా తెలియాలంటే అసలు ముక్కకు ఎన్ని కుట్లు వేస్తారో అన్నింటితోనూ కనీసం పది పన్నెండు వరుసలు అల్లాలి.

కొక్కెం పని
ఒకే కొక్కెంతో అల్లే క్రోషే వాళ్లకు ఈ లెక్క పూర్తిగా వేరు. అదే ఊలు, అదే వెడల్పు, కానీ సింగిల్ క్రోషేలో (అమెరికా పేర్లే వాడుతున్నాను, బ్రిటిష్ ప్యాటర్న్‌లో దీన్నే డబుల్ అంటారు) ఒక్క కుట్టుకే నిట్టింగ్ (సూదుల అల్లిక) కుట్టుకు రెట్టింపు పైన ఊలు పడుతుంది, డబుల్ క్రోషేలో ఇంకా ఎక్కువ. నిట్టింగ్‌లో 30 కుట్లు వచ్చే రంగు ముక్క ఇక్కడ పన్నెండు కుట్లు దాటకపోవచ్చు. రంగు ముక్క పది సెంటీమీటర్లే ఉన్న ఊలైతే రెండు మూడు కుట్లకే మారిపోతుంది, మచ్చలు మచ్చలుగా, చూపు నిలవదు. "క్రోషేకి మల్టీకలర్ బాగుండదు" అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. అది క్రోషే లోపం కాదు, ఊలు ఎంపికలో పొరపాటు. క్రోషేకి పొడవాటి రంగు మార్పులున్న ఊలు తీసుకోవాలి. షీప్యెస్ వర్ల్ లాంటి కేకుల్లో (బిళ్లలా చుట్టిన దారం ఉండల్లో) వెయ్యి మీటర్ల దారంలో రంగు మెల్లగా మారుతుంది. శాలువా మొత్తానికి ఒక్క కేకు సరిపోతుంది.

అయితే అక్కడా ఒక లెక్క ఉంది. పై నుంచి కిందికి పెరిగే త్రికోణపు శాలువాలో సగం లోతు అయ్యేసరికి దారంలో పావు వంతే ఖర్చవుతుంది. మొదటి రంగులు వెడల్పుగా పరుచుకుంటాయి, చివరి రంగు అంచున సన్నటి పట్టీలా మిగులుతుంది. బాగా కనిపించాలనుకున్న రంగు కేకు లోపలి కొసలో ఉందో బయటి కొసలో ఉందో చూసి, అటు నుంచి మొదలుపెట్టండి.

పొట్టి రిపీట్ ఊలే చేతిలో ఉంటే మాస్ స్టిచ్ వేయండి: ఒక సింగిల్, ఒక చైన్ (గొలుసు కుట్టు), కింది వరుస చైన్ ఖాళీలో మళ్లీ సింగిల్. పై వరుస రంగు కింది వరుసలోకి దిగుతుంది, మచ్చల అంచులు మెత్తబడతాయి. ఇది డిజైన్ కుట్టే కదా, "సాదా మాత్రమే" అన్న నియమం ఇక్కడ నిలబడదు.

రెండు సూదులు
ఒప్పుకుంటాను. నిట్టింగ్‌లోనూ లినెన్ స్టిచ్, సీడ్ స్టిచ్ (గింజలు చల్లినట్టు కనిపించే అల్లిక) అదే పని చేస్తాయి. లినెన్‌లో ఒక కుట్టు అల్లి, తర్వాతి కుట్టును ఊలు ముందుకు తెచ్చి అల్లకుండా జరుపుతాం. జరిపిన కుట్టు కింది వరుస రంగును పైకి లాగుతుంది, ముందున్న ఊలు అడ్డగీతలా పడుతుంది. నా అభ్యంతరం నీడ మీద ఆధారపడే డిజైన్ల గురించే. రంగును కలిపే కుట్లు వేరు, ఆకారం చూపే కుట్లు వేరు. నా మొదటి మాటలో ఈ తేడా చెప్పలేదు.

లినెన్ స్టిచ్ బిగుసుకుంటుంది, సూది రెండు సైజులు పెంచాలి. పసిపిల్లల స్వెటర్‌కు మాత్రం అది అట్టలా అవుతుంది, వద్దు.

చిటికి నూలు
రంగు గుమిగూడితే దాన్ని తప్పు అనడం నాకు నచ్చదు. పోచంపల్లి ఇక్కత్‌లో జరిగేది ఇదే. నూలుకు ముందే కొలిచి ముడులు కట్టి రంగు వేస్తారు, మగ్గం మీదికి వచ్చేసరికి ప్రతి రంగూ తన చోట పడాలి. పేక (అడ్డపోగు) ఇక్కత్‌లో గుడ్డ వెడల్పును బట్టి ముడులు పడతాయి. నేసేటప్పుడు పోగు అటూ ఇటూ అయితే అంచు దగ్గర సర్దుతారు. తేడా ఒక్కటే: అక్కడ వెడల్పుకు తగినట్టు రంగు వేస్తారు, ఇక్కడ వేసిన రంగుకు తగినట్టు వెడల్పు మనం వెతుక్కోవాలి.

ఊలుగూడు గారి లెక్క చూడండి. రెండు వరుసలకు 120, రిపీట్ 118. వరుసకు ఒక్క కుట్టు జరుగుడు. వెళ్లే వరుసల రంగు ఒక పక్కకు, వచ్చే వరుసల రంగు ఇంకో పక్కకు జరుగుతూ అడ్డంగా దాటుకుంటాయి. కావాలని చేసే పూలింగ్‌లో (రంగులు గుమిగూడేలా అల్లడంలో) ఆర్గైల్ అనే వజ్రాల గళ్లు వచ్చేది సరిగ్గా ఈ ఒక్క కుట్టు తేడాతోనే. ఇంకో ఇరవై ముప్పై వరుసలు ఓపిక పడితే అవి కనిపించవచ్చు. లేదా రెండు ముందు భాగాలు, వెనక భాగం ఒకే ముక్కగా 118 కుట్లతో అల్లండి. ముందు భాగాలు రెండూ గులాబీ-పసుపు, వీపంతా పచ్చ-నీలం వస్తుంది. ఎంత బాగుంటుందో ఊహించండి.

కుట్టు లెక్క
లెక్క సరే, చేతితో నిలబడదు. 118 కుట్లకు ఒక శాతం బిగువు మారితే ఒక కుట్టు పైనే తేడా. ఆర్గైల్ చేసేవాళ్లు ప్రతి వరుస చివరా రంగు ఎక్కడ మారిందో చూసి, వదులుగానో బిగువుగానో సర్ది, కుదరకపోతే విప్పి మళ్లీ అల్లుతారు. క్రోషే మాస్ స్టిచ్‌లో అది వీలవుతుంది, ఎందుకంటే ఒక్కో కుట్టు విడిగా సర్దుకోవచ్చు. స్టాకినెట్‌లో అలా సర్దితే కుట్లు ఎగుడుదిగుడుగా తేలతాయి.

పైగా ఇది చేత్తో రంగు వేసిన ఊలు, మిల్లులో అచ్చు వేసినది కాదు. 160 అన్నది ఒక చోట 155, ఇంకో చోట 164 ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, చంక దగ్గర ముక్క మూడుగా విడిపోతుంది. అక్కడితో 118 పోతుంది, మళ్లీ 30, 60, 30. కింద ఒక స్వెటర్, పైన ఇంకో స్వెటర్ అన్నట్టుంటుంది.

చిటికి నూలు
చంక మాట ఒప్పుకోక తప్పదు. మెడకు చుట్టుకునే స్కార్ఫ్, కౌల్, దిండు గలేబు లాంటి వాటికి నా మాట వర్తిస్తుంది. వాటిలో వెడల్పు మొదటి నుంచి చివరి దాకా మారదు.

కొక్కెం పని
నరసాపురం లేసు సంప్రదాయంగా తెలుపు, క్రీము దారంతోనే ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడ చెప్పాలి. ఆ పనిలో అందమంతా ఖాళీల్లో ఉంది. షేడెడ్ దారం వేస్తే కన్ను రంగు వెంట పోతుంది, పువ్వు ఆకారం పోతుంది. షేడెడ్ దారంతో డాయిలీ (బల్ల మీద పరిచే చిన్న లేసు గుడ్డ) వేయాలంటే ఒకే రంగులో లేత నుంచి ముదురుకు పోయేది తీసుకోండి, నాలుగు రంగులది కాదు.

చిలప చుట్టే చేయి
పాప స్వెటర్ అంటున్నారు కాబట్టి ఒక్క జాగ్రత్త. గులాబీ, నీలం వదిలే అవకాశం ఉంది, పసుపు దాన్ని పట్టేస్తుంది. అడుగు పొడవు ముక్క తడిపి, తెల్ల నూలు గుడ్డలో చుట్టి, రాత్రంతా బరువు కింద పెట్టండి. గుడ్డకు రంగు అంటితే, ఉన్ని ఊలైతే, చిలపను విప్పి మూడు నాలుగు చోట్ల వదులుగా కట్టి, వెనిగర్ కలిపిన నీళ్లలో పొగలు వచ్చే దాకా వేడిచేసి, కదపకుండా అలాగే చల్లారనివ్వండి. వేడి మీద కలిపినా, వేడి ఊలును చన్నీళ్లలో ముంచినా అది ముద్దకట్టిపోతుంది. నూలు దారానికి వెనిగర్, ఉప్పు ఏవీ పనిచేయవు. రంగు పోయేంతవరకు ఉతకడమే, లేదా ఆ దారాన్ని వేరే పనికి మళ్లించడమే.

ఊలుగూడు
విప్పేస్తున్నాను. కుట్లు పెంచమంటారా, లేక ఏదైనా మార్గం ఉందా? 66 వేస్తే కొలత పెరిగిపోతుంది.

కుట్టు లెక్క
పెంచొద్దు. 6 కుట్లంటే దాదాపు 2.7 సెం.మీ., వెనక ఒక్కచోటే అంత పెరుగుతుంది. 60, 30 అలాగే ఉంచి రెండు చిలపలు మార్చి మార్చి వాడండి. రెండు వరుసలు మొదటిదానితో, రెండు వరుసలు రెండోదానితో.

ఊరికే రెండు చిలపలు తీసుకుంటే చాలదు, రెండూ ఒకే రంగు దగ్గర మొదలైతే అదే బొమ్మ మళ్లీ వస్తుంది. మొదటిది గులాబీ దగ్గర మొదలుపెట్టండి, రెండోది నీలం దగ్గర. అప్పుడు వెనక కుడి సగంలో వరసగా గులాబీ, పసుపు, నీలం, పచ్చ వస్తాయి. ఎడమ సగంలో పచ్చ, నీలం, పసుపు, గులాబీ. నాలుగు రంగులూ రెండు పక్కలా పడ్డాయి. ముందు భాగంలో గులాబీ, పచ్చ, నీలం, పసుపు, ఆ తర్వాత నీలం, పసుపు, గులాబీ, పచ్చ. అన్నీ ఒక్కో వరుస చారలే కాబట్టి మూడు ముక్కలూ ఒకే బట్టలా కలుస్తాయి.

చేతులకు కూడా అదే పద్ధతి. అక్కడ కుట్లు పెరుగుతూ పోతాయి కనుక రంగు ఒకచోట నిలవదు.

రెండు సూదులు
బొత్తాల పట్టీ, మెడ, కింది రిబ్ (సాగే నిలువు గీతల అంచు) మాత్రం ఒకే రంగు ఊలుతో వేయండి, ఈ నాలుగింటిలో ముదురుగా ఉన్నదాని రంగుకు దగ్గరది. మల్టీకలర్‌తో రిబ్ వేస్తే రంగు మారిన ప్రతి వరుసలో పర్ల్ (ఉల్టా కుట్టు) గుబ్బ మీద పాత రంగు చుక్కగా తేలుతుంది, అంచు గీత శుభ్రంగా రాదు.

చిలప మార్చేటప్పుడు కొత్త ఊలును పాతదాని కింద నుంచి తీసుకోండి, ప్రతిసారీ ఒకే వైపు. మొదటి కుట్టు అల్లాక ఆ అంచును వేలితో ఒకసారి కిందికి లాగి చూడండి. అంచు ముడుచుకుంటే పైకి తీసుకెళ్లిన ఊలు బిగిసిందన్నమాట, ఆ కుట్టు వెంటనే విప్పి వదులు చేయండి. ఆ బిగువు తర్వాత ఉతికినా పోదు.