యుద్ధంలో చిక్కుకున్న తల్లిని వేదిక మీదికి తేవాలా, వద్దా?

లంకగట్టు (ప్రశ్న):

మాది రాజోలు వైపు, వశిష్ఠ పాయను ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఊళ్ళో కుర్రాళ్ళం కలిసి ఏడెనిమిదేళ్ళుగా నాటక పరిషత్తు పోటీలకు నాటికలు తీసుకువెళ్తున్నాం. రాసేది నేను, దర్శకత్వం మా బాబాయిది. ఈసారి రాస్తున్నది కువైట్ వెళ్ళిన ఒక తల్లి కథ. ఇంటి కోసం చేసిన అప్పు తీర్చడానికి ఆమె 1988లో ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద వెళ్తుంది. ఇంట్లో భర్త, అత్తగారు, పదేళ్ళ కూతురు మిగులుతారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వస్తుంది. ఫోన్లు తెగిపోతాయి, ఉత్తరాలు ఆగిపోతాయి. ఆ రోజు నుంచి ఆమె ఇల్లు చేరేదాకా గడిచిన యాభై రోజులే నాటిక.

మొదటి ప్రతిలో వేదికను రెండుగా చీల్చాను. ఎడమవైపు మా ఊరి పెంకుటింటి వసారా, కుడివైపు కువైట్‌లో కఫీల్ (ఆమెను పనికి పిలిపించుకున్న యజమాని) ఇంటి వంటగది. బాబాయికి అదే నచ్చింది. తుపాకుల చప్పుడు, ఎర్ర లైటు, వెనుక తెర మీద మండుతున్న చమురు బావులు ఉంటే జనం కుర్చీల్లోంచి లేవరని ఆయన నమ్మకం. రెండో ప్రతిలో తల్లి అసలు వేదిక మీదికే రాదు, కథంతా వసారాలోనే జరుగుతుంది. నాకు ఇదే నచ్చింది కాని, చదివి వినిపించిన రోజున ఉన్న ఆరుగురిలో ఇద్దరు ఆవులించారు. దానికి తోడు ఒక లౌకికమైన చిక్కు ఉంది. స్త్రీ పాత్రలకు మేము బయటి ఊరి నటీమణిని పారితోషికం ఇచ్చి పిలుచుకుంటాం. ఉత్తమ నటి బహుమతికి అవకాశమే లేని నాటికకు ఆమె ఎందుకు వస్తారు?

దూరాన్ని చూపించడానికి నాకు తెలిసిన ఉపాయాలు రెండే, ఉత్తరం చదవడం, టెలిఫోను. టెలిఫోను సన్నివేశం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. పాత్రధారి రిసీవరు చెవిన పెట్టుకుని, అవతలి వాళ్ళు అన్న ప్రతి మాటనూ "ఏమిటీ, సైనికులు ఇంట్లోకి వచ్చారా?" అంటూ మన కోసం తిరిగి అప్పజెప్తాడు. అది మళ్ళీ రాయడం నా వల్ల కాదు. నాటకం తెలిసినవారూ, ఆ రోజుల్ని అనుభవించినవారూ సలహా చెప్పగలరు.

పాత ప్రాంప్టరు:

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దుకోండి. కువైట్ చమురు బావులు తగలబడింది 1990 ఆగస్టులో కాదు. ఇరాక్ సైన్యం వెనక్కి పోతూ 1991 మొదట్లో ఆరువందలకు పైగా బావులకు నిప్పు పెట్టింది. మీ కథలోని తల్లి అప్పటికి ఇల్లు చేరి నెలలు దాటుతుంది. న్యాయనిర్ణేతల్లో ఒక్కరికి ఈ సంగతి గుర్తున్నా బాబాయిగారి ఎర్ర లైటు వృథా అవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తే, యుద్ధభూమిని చూపకుండా యుద్ధ నాటకం నడుస్తుందా అన్న సందేహం భారతం విని పెరిగిన మనకు రాకూడదు. కురుక్షేత్రం మనకు తెలిసేదే, హస్తినలో కూర్చున్న ఒక గుడ్డి తండ్రికి సంజయుడు చెప్పగా. అందులో రచయితలు గమనించవలసిన కిటుకు ఒకటి ఉంది. భీష్మపర్వంలో సంజయుడు మొదటి రోజు నుంచి వరుసగా చెప్పుకు రాడు. యుద్ధభూమి నుంచి వచ్చీ రావడంతోనే భీష్ముడు పడిపోయాడని చెప్పేస్తాడు, అదెలా జరిగిందని ధృతరాష్ట్రుడు తల్లడిల్లి అడిగాక కథ వెనక్కి వెళ్ళి మొదలవుతుంది. జరిగింది ముందే తెలిసిన మనిషి వింటున్నప్పుడు ప్రతి చిన్న వివరమూ గుచ్చుకుంటుంది. మీరు కూడా తల్లి క్షేమంగా తిరిగి వచ్చిందన్న మాటను మొదటి రెండు నిమిషాల్లోనే ప్రేక్షకుల చెవిన వేసి చూడండి. వస్తుందా రాదా అన్న ఉత్కంఠ పోతుంది, పోనివ్వండి. ఆ యాభై రోజుల్లో ఆ ఇంట్లో ఎవరు ఎవరితో ఎలా మసలుకున్నారన్నది అప్పుడు పైకి తేలుతుంది. గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ కూడా క్రీ.పూ. 472లో ప్రదర్శించిన 'పర్షియన్లు' నాటకంలో సలామిస్ నౌకాయుద్ధాన్ని వేదిక మీదికి తేలేదు. తాను స్వయంగా పర్షియన్లతో పోరాడినవాడై ఉండీ, ఆ శత్రువుల రాజధానిలో కొడుకు కోసం ఎదురుచూస్తున్న తల్లిని నిలబెట్టి, ఒక వార్తాహరుడి చేత ఓటమిని చెప్పించాడు.

ఇద్దరు ఆవులించారంటే లోపం తల్లి కనబడకపోవడంలో ఉందని నేను అనుకోను. ఇంట్లోవాళ్ళకు చేతిలో పని లేకపోయి ఉంటుంది. ఎదురుచూడడాన్ని నటించడం ఎంత గొప్ప నటుడికైనా కష్టమే. కొబ్బరికాయలు ఒలవడం, దడి కట్టడం, పిల్లకు జడ వేయడం నటించవచ్చు. రేడియోలో వార్తలు మొదలయ్యే వేళకు ఆ చేతులు ఆగిపోతే చాలు, దూరం దానంతట అదే కనబడుతుంది. రేడియో మాటలు కూడా స్పష్టంగా వినబడనివ్వకండి.

సఖినేటిపల్లి రేవు:

మా అమ్మ ఆ ఆగస్టులో కువైట్‌లోనే ఉంది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. మీ నాటికలో కూతురు పాత్ర నా వయసుదే కనుక, నేను చూసినవి రాస్తాను.

మీరు అనుకుంటున్నట్టుగా మా ఇంట్లో ఎవరూ రోజంతా ఏడుస్తూ కూర్చోలేదు. మా ఇంట్లో ఎక్కువగా వినబడిన మాట వడ్డీ. ఏజెంటుకు కట్టడానికి నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు, అమ్మ పంపే డ్రాఫ్టుతోనే అది తీరాలి. యుద్ధం వచ్చిందని వడ్డీ ఆగదు కదా. అప్పిచ్చిన ఆయన మంచివారే. గుమ్మంలోకి వస్తూనే "మీ ఆవిడ కబురు ఏమైనా తెలిసిందా?" అని నాన్నను అడిగేవారు, ఆ అడగడంలో నిజమైన ఆదుర్దా ఉండేది కూడా. అయినా ఆయన సైకిలు బెల్లు వినబడగానే నాయనమ్మ పెరట్లోకి వెళ్ళిపోయేది. కువైట్ నుంచి ఎవరైనా వచ్చారని తెలిస్తే నాన్న ఆ ఊరికి వెళ్ళి వాకబు చేసేవారు. ఒకరు బాగ్దాదులో చూశామనేవారు, మరొకరు ఆమె వేరే ఆమె అనేవారు. రాత్రి అన్నం తింటూ నాన్న ఆ రెండింటిలో మాకు ఏది చెప్పాలో ఆలోచించుకుంటున్నట్టు ముఖం చూస్తే తెలిసిపోయేది.

మీ వసారాలో పెట్టుకోవడానికి ఒక వస్తువు చెప్తాను. పక్క ఊరివారొకరు సెలవు ముగిసి ఆగస్టు మొదటి వారంలో తిరిగి కువైట్ వెళ్ళవలసి ఉండగా, వారి చేత అమ్మకు పంపుదామని నాయనమ్మ ఒక పార్సిలు కట్టింది. ఆవకాయ డబ్బా, ఎండు రొయ్యలు, ఒక జాకెట్టు గుడ్డ. డబ్బా మూతకు మైనం పట్టించి, అన్నిటినీ గుడ్డలో చుట్టి, దబ్బనంతో నాలుగువైపులా కుట్టి, నా చేత అమ్మ పేరు స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాయించింది. ప్రయాణం ఆగిపోయింది, పార్సిలు అటక ఎక్కింది. దాన్ని విప్పుదామని ఎవరూ అనలేదు. వానలకు ఎండు రొయ్యల వాసన ఇల్లంతా పట్టి, పిల్లి అటక కిందే కాపురం పెట్టింది. నాయనమ్మ పిల్లిని కర్రతో తోలేది కాని, పార్సిలును మాత్రం దించేది కాదు.

అమ్మ సెప్టెంబరు ఆఖరున వచ్చింది. బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాన్ సరిహద్దుకు, అక్కడ ఎడారి గుడారాల్లో కొన్ని రోజులు, ఆ తర్వాత అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయికి. ఆ రెండు నెలల్లో లక్షా డెబ్బై వేల మందిని అలాగే తెచ్చారని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. అమ్మ నోట మాత్రం గుడారాల మాట చాలా ఏళ్ళు రాలేదు. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, వడ్డీ ఎంతవరకు కట్టారని అడిగింది. కొంగు ముడి విప్పి కొన్ని కువైట్ దినార్లు నాన్న చేతిలో పెట్టింది. ఇరాక్ ఆ దినారును రద్దు చేసి తన దినారునే చెల్లుబాటు చేసిందని మాకెవరికీ తెలియదు, రాజోలులో ఆ నోట్లను ముట్టుకున్నవారు లేరు. కొన్నేళ్ళకు ఐక్యరాజ్యసమితి పరిహారం వచ్చింది, అప్పు దానితో తీరింది. నోట్లు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

పార్సిలు విప్పింది అమ్మే. ఆవకాయ బాగానే ఉంది. రొయ్యలు పారబోశాం.

ఖార్కివ్ నుంచి అమలాపురం:

పెద్దలు పైన చెప్పినదాన్ని కాదనే సాహసం చేస్తున్నాను. దూరాన ఉన్న మనిషిని వేదిక మీదికి రానివ్వకపోతే, కథంతా ఇంట్లో ఉన్నవాళ్ళదే అయిపోతుంది, వెళ్ళిన మనిషి ఒక ఫోటోగా మిగిలిపోతుంది. నేను 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్య విద్యార్థినిని. 24వ తేదీ తెల్లవారుజామున మొదలైన బాంబుల మోతకు మేము మెట్రో స్టేషనులోకి దిగాము. మా ఇంట్లో గడియారం మాకంటే మూడున్నర గంటలు ముందుండేది. నేను నిద్ర లేచే వేళకే అమ్మ టీవీలో అంతా చూసేసి, నాకు తెలియని వీధుల పేర్లు నాకే చెప్తుండేది. మీ కథలో కబురు తెలియక బాధ, మాకు కబురు ఎక్కువై బాధ. వీడియో కాల్‌లో వెనుక ఎవరో ఏడుస్తుంటే అమ్మకు కనబడకుండా ఫోను గోడవైపు తిప్పేదాన్ని. అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానని చెప్పేదాన్ని. ఖార్కివ్ వెంటనే వదిలి, బండి దొరక్కపోతే నడిచైనా దగ్గరలోని పిసోచిన్ ఊరివైపు పొమ్మని మార్చి 2న మన రాయబార కార్యాలయం చెప్పినప్పుడు, "బస్సు వచ్చింది, ఎక్కుతున్నాం" అని మెసేజి పెట్టి నడక మొదలుపెట్టాను. అమ్మ నాకు చెప్పిన అబద్ధాలు వేరే ఉన్నాయి. నాన్నకు రక్తపోటు పెరిగి ఆస్పత్రిలో ఉన్నారని నాకు ఇంటికి వచ్చాకే తెలిసింది.

నా ఉద్దేశంలో దూరాన ఉన్నవారి బంధం నిలిచేది ఈ దాచుకోవడాల మీదే. దాన్ని చూపాలంటే దాచే మనిషి కనబడాలి. మీ కాలానికి క్యాసెట్ ఉంది కదా. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు మాటలు రికార్డు చేసి, ఊరికి వస్తున్నవాళ్ళ చేత పంపడం మా మేనత్త ఇంట్లో కూడా ఉండేదట. తల్లికి ఒకే ఒక్క సన్నివేశం ఇవ్వండి. జూలైలో, యుద్ధానికి ముందు, అందరూ పడుకున్నాక వంటగదిలో నేల మీద కూర్చుని ఇంటికి క్యాసెట్ చేస్తుంది. నాలుగు నెలలుగా జీతం ఇవ్వలేదని చెప్పబోయి ఆపుతుంది. టేపు వెనక్కి తిప్పి, దాని మీదే అత్తగారి మోకాళ్ళ నొప్పి గురించి అడుగుతూ మళ్ళీ రికార్డు చేస్తుంది. ఆ క్యాసెట్ ఊరు చేరేసరికి ఆగస్టు రెండు దాటిపోతుంది. ఇంట్లోవాళ్ళు వినేది మోకాళ్ళ నొప్పి. చెరిపేసిన మాట ఏమిటో ప్రేక్షకులకు మాత్రమే తెలుసు. మీ నటీమణికి బహుమతి కూడా ఆ పది నిమిషాల్లోనే వస్తుంది.

జగన్నాథపురం వంతెన:

కాకినాడ నుంచి ఒక చిన్న మాట. మీ అత్తగారి పాత్రకు 1990లో అరవై ఏళ్ళుంటే, 1942లో ఆమెకు పన్నెండేళ్ళు. మా వైపు ఆ తరంలో చాలామందికి తండ్రో మేనమామో రంగూన్‌లో ఉండేవారు. కోరంగి రేవు పేరు మీదనే బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కొరంగీలు అనేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది కొండలు, అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలోనే పోయినవారు వేలల్లో ఉన్నారు. మా ముత్తాత కూడా వాళ్ళలోనే ఎక్కడో తప్పిపోయాడు. విచిత్రం ఏమిటంటే, ఆయన కోసం ఇక్కడ ఎదురుచూస్తున్న రోజుల్లోనే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటలు కట్టుకుని పల్లెలకు పోయారు. ఆయన వస్తే ఇంటికి తాళం కనబడుతుందని మా ముత్తవ్వ మాత్రం కదలనందట. అత్తగారు పార్సిలును ఎందుకు దించనివ్వదో మీరు వేరే చెప్పనక్కర్లేకుండా ఇందులోంచి ఒక్క వాక్యం ఆమె చేత అనిపించవచ్చు. రెండు వాక్యాలు వద్దు, ఉపన్యాసం అయిపోతుంది.

లంకగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి బాబాయికి ఇవన్నీ చదివి వినిపించాను. చమురు బావుల సంగతి విని కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఎర్ర లైటు అద్దె మిగిలిందన్నారు. క్యాసెట్ సన్నివేశం ఆయనకు బాగా పట్టింది, నటీమణిగారు కూడా ఫోనులో కథ విని ఒప్పుకున్నారు. తల్లి తిరిగి వచ్చినట్టు ముందే చెప్పేయడానికి మాత్రం ఆయన ఇంకా ఒప్పుకోలేదు. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ వడ్డీ అడగడం దగ్గరే నాటిక మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి వెళ్దామని నేను పట్టుబడుతున్నాను. సఖినేటిపల్లి రేవు గారు అనుమతిస్తేనే ఆ మాట వాడుకుంటాను.

పార్సిలులో నిజమైన ఎండు రొయ్యలే పెట్టాలని మా కుర్రాళ్ళు అంటున్నారు. ముందు వరుసలో కూర్చునే న్యాయనిర్ణేతల సంగతి ఆలోచించి ఇంకా తేల్చలేదు. ఆ కాలపు టూ ఇన్ వన్ (రేడియో, టేపు రికార్డరు కలిసినది) ఒకటి, రికార్డు మీట నొక్కితే "టక్" మని పెద్దగా చప్పుడు చేసేది, మీలో ఎవరి అటక మీదైనా ఉంటే చెప్పండి. పాడైపోయినదైనా ఫరవాలేదు, మీట పనిచేస్తే చాలు.