మా ఆయన రైతు, కోటలొద్దు పొలాలు చూపించమంటున్నారు. డెర్బీ చుట్టుపక్కల ఎక్కడికి వెళ్ళాలి?

మూడులాంతర్లు (విజయనగరం):

అందరికీ నమస్కారం అండి. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో డెర్బీలో ఉంటున్నారు. ఇద్దరు పిల్లలు, మనవడికి ఏడేళ్ళు, మనవరాలికి మూడు. జూన్ మొదట్లో మేమిద్దరం వెళ్తున్నాం, జూలై ఆఖరు దాకా ఉంటాం. వారమంతా వాళ్ళకి ఆఫీసులు, స్కూలు, తిరగడానికి శని ఆదివారాలే. అమ్మాయి లండన్, ఆక్స్‌ఫర్డ్, స్టోన్‌హెంజ్ అని ఇప్పట్నుంచే లిస్టు రాసి పెట్టింది, ఈయనేమో నాకు కోటలూ మ్యూజియంలూ వద్దు, అక్కడ వ్యవసాయం ఎలా చేస్తారో గొర్రెల్ని ఎలా మేపుతారో చూపించండి చాలు అని ఒకటే పట్టు. మాది గజపతినగరం వైపు ఊరు, వరీ చెరుకూ వేసేవాళ్ళం, ఇప్పుడు కౌలుకి ఇచ్చేసి టౌనులో ఉంటున్నాం గానీ ఆయన ప్రాణమంతా అక్కడే.

ఇబ్బందేంటంటే ఆయనకి మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే మెల్లగా రెండు కిలోమీటర్లు నడుస్తారు, ఎక్కడం దిగడం అంటే కష్టం. ఇంకోటి, అక్కడ తెలీనివాళ్ళ పొలాల్లోంచి కూడా దర్జాగా నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు మామయ్యా అని అల్లుడు ఫోన్లో చెప్పాడు, ఈయన నమ్మట్లేదు, మన కళ్ళంలోకి ఎవడో వచ్చి తిరుగుతుంటే ఊరుకుంటామా అంటున్నారు. నిజంగా అలా వెళ్ళొచ్చా? భోజనం సంగతి కూడా చెప్పండి, బయట తినరు ఆయన.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

మేడం, అల్లుడుగారు చెప్పింది నిజమే కానీ సగం. ఏ పొలంలో పడితే ఆ పొలంలోకి కాదు, పబ్లిక్ ఫుట్‌పాత్ అని గుర్తు పెట్టిన దారి మీద మాత్రమే. గేటు దగ్గర చిన్న పసుపు బాణం ఉంటుంది, అది నడిచేవాళ్ళకి, నీలం బాణం అయితే గుర్రాలూ సైకిళ్ళూ కూడా వెళ్ళొచ్చు. భూమి రైతుదే, దారి మాత్రం అందరిదీ. జిల్లా కౌన్సిళ్ళ దగ్గర ఈ దారులన్నిటికీ చట్టబద్ధమైన మ్యాపు ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లు ఉన్నాయి ఇలాంటివి. రైతు దున్నాల్సి వచ్చి దారి చెరిపేసినా మామూలుగా 14 రోజుల్లోపు మళ్ళీ నడిచేలా చేసి ఇవ్వాలి. మీ ఆయనకి ఇది చెప్పండి, ఇంకా కోపం వస్తుంది :)

ఇదేం ఊరికే రాలేదు అక్కడి వాళ్ళకి. మీరు వెళ్ళే డెర్బీకి ఉత్తరాన పక్కనే పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల ప్రాంతం. అక్కడ కిండర్ స్కౌట్ అని పెద్ద కొండ, దాన్ని జమీందార్లు వేటకోసం అట్టేపెట్టుకుని మనుషుల్ని అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు, 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్ళు వందలమంది కావాలనే గుంపుగా ఎక్కేశారు, కాపలావాళ్ళతో తోపులాట అయింది, ఐదుగురికి జైలు పడింది. 1949లో నడకదారులకీ నేషనల్ పార్కులకీ చట్టం వచ్చింది, 1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఆ దేశంలో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది. నేషనల్ పార్క్ అంటే మన దగ్గరలాగా కంచె వేసి జంతువుల్ని పెట్టిన అడవి అనుకునేరు, లోపల ఊళ్ళు, పొలాలు, బళ్ళు, చర్చిలు అన్నీ ఉంటాయి, మనుషులు వ్యవసాయం చేసుకుంటూనే ఉంటారు.

మోకాళ్ళకి అయితే ఒకటే మాట, మోన్సాల్ ట్రైల్. పాత రైల్వే లైను అది, 1968లో రైళ్ళు ఆపేశారు, పట్టాలు పీకేసి నడకదారి చేశారు. రైలు లైను కాబట్టి ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. మొత్తం 13 కిలోమీటర్ల పైనే ఉంటుంది గానీ మీరు అంతా నడవక్కర్లేదు, హాసప్ స్టేషన్ దగ్గర కారు పెట్టి ఓపికున్నంత నడిచి వెనక్కి వచ్చేయండి. మధ్యలో సొరంగాలు ఉంటాయి లైట్లతో, పిల్లలు అరుచుకుంటూ పరిగెడతారు, అటు చివర వంతెన మీద నిలబడితే కింద లోయ, నది, గొర్రెలు. అద్దె సైకిళ్ళు ఇస్తారు, చిన్నదానికి వెనక లాగే బండి కూడా.

రెండోది క్రామ్‌ఫర్డ్. కారు అక్కర్లేదు, డెర్బీ నుంచి మాట్లాక్ వెళ్ళే రైలెక్కితే దారిలోనే స్టేషన్. కాలవ గట్టున చదునుగా నడక. అక్కడే ఆర్క్‌రైట్ 1771లో నీటితో నడిచే నూలు మిల్లు పెట్టాడు, ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉంది. పొందూరులో ఈరోజుకీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి చేత్తో నూలు వడుకుతున్న మన జిల్లా వాడిగా ఆ మిల్లు ముందు నిలబడితే నాకైతే గౌరవం కన్నా కడుపుమంటే ఎక్కువ కలిగింది. అయినా చూడాల్సిందే.

కోటజంక్షన్ (విజయనగరం):

ఏమీ అనుకోకండి గానీ లక్షలు పోసి టికెట్టు కొనుక్కుని వెళ్ళి గొర్రెల్ని చూడ్డమేంటండి?? గొర్రెలు బొబ్బిలి రోడ్డు మీద రోజూ బస్సుకి అడ్డం వస్తాయి. లండన్ చూపించండి పెద్దాయనకి.

మూడులాంతర్లు:

అదే మాట నేనూ అన్నాను బాబూ. ఆ గొర్రెలు వేరు ఈ గొర్రెలు వేరు అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నాను, ఆ గొంతు వచ్చాక ఇంక వాదించను.

చీపురుపల్లోడు:

వోలమ్మో, మీ ఆయన నా మనిషే. పోయినేడు మా వోడు షెఫీల్డులో ఉంటే ఎల్లాను. ఏటి చెప్మంటారు, పొలం అంటే మనకి మడి, గట్టు, నీరు కదా, ఆ కొండల్లో మడే నేదు. అంతా గడ్డే. గడ్డే పంట వాళ్ళకి. జూన్ జూలైలో కోసీసి, చుట్ట చుట్టీసి, నల్ల ప్లాస్టిక్ కట్టీసి పొలంలోనే ఒగ్గేస్తారు, శీతాకాలంలో పశువులకి అదే మేత. అది చూసి నాను ముందర నీళ్ళ ట్యాంకులేమో అనుకున్నాను.

గొర్రికి కాపరి అంటూ ఎవుడూ ఉండడు బాబూ. గోడలున్నాయి కదా. ఆ గోడలు సూడమనండి ఆయన్ని, సిమెంటు నేదు మట్టి నేదు, రాయి మీద రాయి పేర్చీసినారంతే, వందేళ్ళు రెండొందలేళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి. ఒక ముసలాయన పడిపోయిన గోడ కడతంటే నాను గంటసేపు నిలబడి చూసాను, భాష రాదు గానీ ఇద్దరం రాళ్ళు చూపించుకుని మాటాడుకున్నాం. రెండు వరసలు కట్టి మధ్యన చిన్న రాళ్ళు పోస్తారు, అక్కడక్కడ అడ్డంగా పొడుగు రాయి ఒకటి వేసి రెండు వరసల్నీ పట్టేలా చేస్తారు.

జూన్‌లో ఎల్తే బొచ్చు కత్తిరించడం కూడా చూడొచ్చు. ఆ బొచ్చు అమ్మితే కత్తిరించిన కూలి కూడా రాదంట, మరెందుకు చేస్తారని మా వోడ్ని అడిగితే, తీయకపోతే ఎండకి గొర్రి సచ్చిపోద్ది, పురుగు పడతాది అన్నాడు. రైతు బతుకు ఎక్కడైనా అంతే.

అన్నిటికన్నా సోమారం బేక్‌వెల్ అని ఆ కొండల్లోనే ఊరు, అక్కడికి ఎల్లండి, సంత. పశువుల వేలం పాట ఉంటాది, ఆ పాట పాడేవోడు ఊపిరి తీసుకోకండా పాడతాడు, మా రాజాం సంతలో బేరగాళ్ళు గుర్తొచ్చారు. సెలవు పెట్టమనండి అల్లుడ్ని ఒక సోమారం.

పలాస_జీడిపప్పు (ప్రస్తుతం నాటింగ్‌హామ్):

ఆంటీ నమస్తే. మాది పలాస, నాటింగ్‌హామ్‌లో ఉంటున్నాం, డెర్బీకి పక్కనే. మా అత్తగారు మామగారు వచ్చినప్పుడు పడ్డ తంటాలన్నీ గుర్తున్నాయి కాబట్టి చెప్తున్నా, ఎక్కడికి వెళ్ళాలో తర్వాత, ముందు కారు సంగతి చూడండి. ఇక్కడ 12 ఏళ్ళు నిండేదాకా లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లలకి సీటు ఉండాలి, మన దగ్గరలాగా ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కుదరదు. పిల్లల సీట్లు రెండు పెట్టాక వెనక మధ్యలో మిగిలే జాగాలో పెద్దవాళ్ళు ఒక్కరు కూర్చోవడమే కష్టం, మీరు మొత్తం ఆరుగురు. కాబట్టి ఏడు సీట్ల కారు అద్దెకి తీసుకోమనండి, లేదంటే రైలు, బస్సు. అరవై దాటితే సీనియర్ రైల్‌కార్డు పాస్‌పోర్టు చూపించి ఎవరైనా కొనుక్కోవచ్చు, టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. ఇక్కడి పెద్దవాళ్ళకి ఉండే ఉచిత బస్ పాస్ మాత్రం మనకి రాదు, అది ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకే.

అంకుల్‌కి నచ్చేది ఒకటి ఉంది, జూన్‌లో ఒక ఆదివారం ఓపెన్ ఫార్మ్ సండే అని చేస్తారు. దేశమంతా చాలామంది రైతులు ఆ రోజు తమ పొలం గేట్లు జనానికి తెరుస్తారు, ట్రాక్టర్ ఎక్కిస్తారు, పాలు పితకడం చూపిస్తారు, అడిగిన ప్రశ్నకల్లా రైతే నిలబడి జవాబు చెప్తాడు. 2006 నుంచి జరుగుతోంది. వెబ్‌సైట్లో పోస్ట్‌కోడ్ కొడితే దగ్గరలో ఏ ఫార్మ్ తెరుస్తున్నారో వస్తుంది, కొన్నిచోట్ల ముందే బుక్ చేసుకోవాలి. మీ తేదీలకి దొరికితే మిగతావన్నీ పక్కన పెట్టి ఇది వెళ్ళండి.

తిండి గురించి బెంగ అసలు వద్దు. పులిహోర, చపాతీ, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుని గడ్డి మీద దుప్పటి పరుచుకుని తింటే ఎవరూ వింతగా చూడరు, వాళ్ళూ శాండ్‌విచ్ డబ్బాలు తెచ్చుకుంటారు. పబ్బుల్లో వంట మధ్యాహ్నం రెండు, రెండున్నరకి ఆపేసేవి చాలా ఉంటాయి, మన టైముకి మూడింటికి వెళ్తే చిప్స్ ప్యాకెట్టే దిక్కు. పెద్ద సూపర్ మార్కెట్లు కూడా ఆదివారం ఆరు గంటలే తెరిచి ఉంటాయి, నాలుగో ఐదో కాగానే మూసేస్తారు. పొయ్యి మాత్రం తీసుకెళ్ళకండి, మా మామగారు కొండ మీద టీ పెడదాం అని చిన్న స్టవ్ సర్దేశారు. 2018లో సాడిల్‌వర్త్ దగ్గర కొండ అంటుకుంటే ఆర్పడానికి సైన్యాన్ని పిలవాల్సి వచ్చింది, అప్పట్నుంచి మంట అంటే ఇక్కడి వాళ్ళకి భయం. ఫ్లాస్కు చాలు.

ఇంకొకటి ఆంటీ, మీకోసం. డెర్బీషైర్ ఊళ్ళల్లో వేసవిలో బావుల్నీ ఊటల్నీ అలంకరిస్తారు, వెల్ డ్రెస్సింగ్ అంటారు. పెద్ద చెక్క పలకల మీద తడి బంకమట్టి పరిచి, దాని మీద పూరేకులు, ఆకులు, గింజలు ఒక్కొక్కటీ గుచ్చి బొమ్మలు వేస్తారు, సంక్రాంతికి వీధంతా కలిసి ముగ్గేసినట్టు ఊరంతా కూర్చుని చేస్తారు. యూల్‌గ్రేవ్ అనే ఊళ్ళో జూన్‌లోనే ఉంటుంది. కొన్ని రోజులే ఉంచుతారు, రేకులు వాడిపోతాయి కదా. నాకైతే పెద్ద పెద్ద మేడలకన్నా ఇదే నచ్చింది.

మూడులాంతర్లు:

అమ్మా, ఎంత వివరంగా రాశావు తల్లీ. అందరివీ ఆయనకి చదివి వినిపించాను. గోడల దగ్గర మళ్ళీ చదవమన్నారు. 14 రోజుల సంగతి వినగానే ఆ రైతుల తరఫున ఇక్కడ కూర్చుని ఆవేశపడుతున్నారు.

ఇంకో రెండు. పొలాల్లో ఆవులుంటే భయం లేదా, పిల్లలు కూడా ఉంటారు కదా. నేను చీరే కడతాను, నడకకి చెప్పులు సరిపోతాయా?

నాగావళి_గట్టు:

ఆవుల విషయంలో జాగ్రత్త పడాల్సిందే మేడం. మన ఊరి ఆవుల్లా మనిషికి అలవాటుపడి ఉండవు, మంద మందగా ఉంటాయి, కొత్తవాళ్ళని చూసి ఉత్సాహంగా దగ్గరకొచ్చేస్తాయి. దూడలు ఉంటే తల్లికీ దూడకీ మధ్యలోంచి వెళ్ళకండి, గోడ వారగా చుట్టు తిరిగి వెళ్ళండి, పరిగెత్తొద్దు. ఆబోతు గురించి చట్టమే ఉంది, పాడి జాతి ఆబోతు పది నెలలు దాటితే పబ్లిక్ దారి ఉన్న పొలంలో వదలకూడదు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, మూసి ఉంటే మూసేయండి, తెరిచి ఉంటే అలాగే ఉంచండి, నీళ్ళ కోసం తెరిచి పెట్టి ఉండొచ్చు.

చెప్పులు వద్దు. పేడ, బురద, పైగా నెటిల్ అని దారి పక్కన ఒక మొక్క, మన దూలగొండిలా కాళ్ళకి తగిలితే మంట. చీర కట్టుకోండి, మడమలు కప్పే బూట్లు వేసుకోండి, పైన వాన కోటు. జూన్ అయినా పొద్దున్న ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం మళ్ళీ ఎండ. వెలుతురు మాత్రం రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది కాబట్టి హడావిడి పడక్కర్లేదు, ఇంట్లో భోంచేసి కూడా బయల్దేరొచ్చు. ఇంకో సంగతి, పొలాల్లో దారి చాలాచోట్ల గోడ మీదుగా రాతి మెట్లెక్కి దిగేలా ఉంటుంది, ఆయన మోకాళ్ళకి అది ఇబ్బంది. ఆర్డ్‌నెన్స్ సర్వే అని అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ, వాళ్ళ నారింజ అట్ట మ్యాపులో దారులు ఆకుపచ్చ గీతలతో ఉంటాయి గానీ ఆ మెట్లు కనిపించవు, అల్లుడుగారిని ముందు ఒకసారి ఒంటరిగా వెళ్ళి చూసి రమ్మనండి.

చీపురుపల్లోడు:

మెట్లు ఉంటే ఉన్నాయి, గోడ ఇవతల కూచునైనా చూడొచ్చు. బేక్‌వెల్ మరిచిపోకండి.

పలాస_జీడిపప్పు:

ఆంటీ, సామాన్లో నెయ్యి, పాలకోవా పెట్టకండి, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి రానివ్వరు, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఆవకాయ పర్లేదు, గట్టిగా ప్యాక్ చేయించండి. జీడిపప్పు తేవచ్చు, ఇక్కడ దొరికేది మన పలాస పప్పు ముందు దిగదుడుపే. మీ అమ్మాయి నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు మెసేజ్ చేయండి, ఓపెన్ ఫార్మ్ ఆదివారం మా కారులో ఇద్దరికి చోటుంది.

కోటజంక్షన్:

సరే సరే, గొర్రెలే చూడండి. ఆ వేలం పాట వీడియో మాత్రం ఇక్కడ పెట్టండి.