‘ఐ విల్ పుట్ ద కెటిల్ ఆన్’ను తెలుగులో ఏమనాలి?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు కదా, ఇంగ్లిష్ కథ ఒకటి తెలుగు చేస్తున్నానని, అందులో భర్త పోయిన ఆవిడ ఇంటికి పక్కింటామె వస్తే, ఈవిడ ఏడవకుండా, ఏమీ చెప్పకుండా ‘ఐ విల్ పుట్ ద కెటిల్ ఆన్’ అని వంటింట్లోకి వెళ్ళిపోతుందని, దాన్ని తెలుగులో ఎలా రాయాలని. కింద చాలామంది ‘టీ పెడతాను’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మామూలు సన్నివేశమైతే నేనూ అదే రాస్తాను. ఇక్కడ మాత్రం అది సరిపోదనిపిస్తోంది. కొన్నేళ్ళు ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఉన్నాను, రోజూ చెవిన పడిన మాట ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఆ వాక్యంలో టీ లేదు చూడండి. ప్రశ్న కూడా లేదు. మనం ‘టీ పెడతాను’ అంటాం, గిన్నె సంగతి ఎత్తం. వాళ్ళు కెటిల్ సంగతి చెప్పి టీని వదిలేస్తారు. వాళ్ళ కెటిల్‌లో మరిగేది ఉత్త నీళ్ళే, మనలా పాలూ పొడీ చక్కెరా అన్నీ కలిపి మరిగించరు. టీయా కాఫీయా, పాలు పోయాలా వద్దా, చక్కెర ఎన్ని చెంచాలు అనేవన్నీ నీళ్ళు కాగుతుంటే అడుగుతారు. ఇప్పుడైతే అది కరెంటు కెటిల్, మీట నొక్కితే చాలు, అయినా పొయ్యి మీద పెట్టిన రోజుల మాటే నిలిచిపోయింది.

ప్రశ్న లేకపోవడమే ఇందులో అసలు మర్యాద అని నా అభిప్రాయం. ‘టీ తాగుతారా?’ అంటే వచ్చినవాళ్ళు అవుననో కాదనో చెప్పాలి, మొహమాటపడాలి. ‘కెటిల్ పెడతాను’ అంటే ఆ బరువు వాళ్ళ మీద పడదు. నువ్వు కాసేపు ఉంటున్నావు, తొందర లేదు అని చెప్పకుండానే చెప్పినట్టు. మన ‘ఉండండి, టీ పెడతాను’లో ఆ ‘ఉండండి’ చేసే పని ఇదే, కాబట్టి మామూలు చోట్ల ఆ రెండు మాటలూ కలిపి రాస్తే చక్కగా అతుకుతుంది.

కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్‌కూ, గోడ కట్టే మేస్త్రీకీ కూడా అక్కడ టీ ఇవ్వాలి, ఇవ్వకపోతే బాగుండదు. చిక్కగా దిగిన టీలో పాలు, చక్కెర గట్టిగా వేసి పెద్ద మగ్గులో ఇచ్చేదానికి ‘బిల్డర్స్ టీ’ అని పేరే ఉంది.

ఈ అలవాటు మొదట్నుంచీ అందరిదీ కాదు. డైరీ రాతకు పేరుపడ్డ లండన్‌వాడు శామ్యూల్ పెపీస్ 1660 సెప్టెంబరు 25న తన డైరీలో, అంతకుముందెప్పుడూ తాగని చైనా పానీయం ఒకటి తెప్పించుకున్నానని రాసుకున్నాడు. తర్వాత చాలా కాలం టీ మీద పన్ను విపరీతం, దొంగ సరుకు కూడా అంతే. 1784లో ఆ పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించాకే మామూలు ఇళ్ళలో టీ ధారాళమైంది. రెండో ప్రపంచయుద్ధంలో మళ్ళీ కరువు. 1940 జులై నుంచి మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే దాదాపు 57 గ్రాముల ఆకు. ఆ రేషన్ 1952 దాకా నడిచింది. అంత కటకటలోనూ, బాంబులు పడిన వీధుల్లో మహిళా స్వచ్ఛంద దళం వాళ్ళు బండి క్యాంటీన్లతో తిరుగుతూ ఇల్లు కూలినవాళ్ళకు టీ పోసేవారు. దిమ్మతిరిగే కష్టం వచ్చినప్పుడు చేతిలో వేడి కప్పు పెట్టడం వాళ్ళకి అంత లోతుగా ఇంకిపోయింది.

ఇంకో సంగతి. 1990 జులై 4న ప్రపంచకప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ పెనాల్టీల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడిపోయింది. ఆట అయిపోగానే బ్రిటన్‌లో కరెంటు వాడకం ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగింది, కారణం ముఖ్యంగా కెటిళ్ళే. మనసు బాగాలేనప్పుడు లేచి వెళ్ళి చేసే పని అది, తాగడం తర్వాత సంగతి.

ఇప్పుడు కథ దగ్గరికి వద్దాం. మన దగ్గర మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగువాళ్ళో చుట్టాలో కాఫీ, టీ, అన్నం బయటి నుంచి తెస్తారు. పరామర్శకు వెళ్ళినవాళ్ళు చాలా చోట్ల మంచినీళ్ళు కూడా ముట్టరు, వచ్చేటప్పుడు ‘వెళ్ళొస్తాను’ అనరు. అలాంటి చోట భర్త పోయిన ఆవిడే ‘ఉండండి, టీ పెడతాను’ అంటే తెలుగు పాఠకుడికి ఎలా వినిపిస్తుంది? ఈవిడకి బాధే లేదా అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో అర్థం సరిగ్గా దానికి ఎదురు: బాధకు మాట దొరక్క, చేతులకు ఏదో పని కావలసి వంటింట్లోకి వెళ్ళింది. అందుకే అక్కడ నేనైతే టీని వదిలేసి ‘కెటిల్ పెట్టొస్తాను’ అనే రాస్తాను. కెటిల్ ఇప్పుడు మనవాళ్ళకీ తెలిసిన వస్తువే. ‘నీళ్ళు పెట్టొస్తాను’ అన్న సూచన కూడా చూశాను, అది స్నానానికి నీళ్ళు పెట్టడంలా ఉంది, చావు ఇంట్లో అది ఇంకా ఇబ్బంది.

ఆ సన్నివేశాన్ని మన పద్ధతికి మార్చేసి, పక్కింటామె చేతే ఫ్లాస్కులో కాఫీ తెప్పించమన్న సలహాకు నేను గట్టిగా అడ్డం. అది అనువాదం కాదు, వేరే కథ అవుతుంది. ఆ ఇల్లు ఇంగ్లండ్‌లో ఉంది, అక్కడే ఉండనివ్వండి.

మన మొహమాటం అక్కడ పనిచేయదని కింద ఒకరు రాసింది నిజం. ‘అబ్బే, ఇప్పుడే తాగొచ్చామండి’ అన్నాక మన ఇళ్ళలో ‘పోనీ సగం కప్పు’ అని బలవంతం చేస్తారు. అక్కడ వద్దంటే ‘ఆర్ యూ ష్యూర్?’ అని మహా అయితే ఒకసారి అడిగి ఊరుకుంటారు. కొత్తగా వెళ్ళిన మనవాళ్ళు టీ దక్కక, వీళ్ళకు మర్యాద తెలీదని అనుకోవడం నేను విన్నాను. అది వాళ్ళకి అన్యాయం, వచ్చినవాడి మాటను నమ్మడం కూడా గౌరవమే.

‘కెటిల్ పెడతాను’కు పూర్తిగా ఎదురైన వాక్యం ఒకటి స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోవాళ్ళ మీద చెబుతారు, వాళ్ళ పోటీ ఊరు గ్లాస్గోవాళ్ళకి మరీ ఇష్టం: ‘యూల్ హావ్ హ్యాడ్ యువర్ టీ’. గుమ్మంలో ఉండగానే, మీరు టీ కానిచ్చే వచ్చుంటారు అనడం. ఇక్కడ జాగ్రత్త, స్కాట్లండ్‌లోనూ ఉత్తర ఇంగ్లండ్‌లోనూ చాలామందికి ‘టీ’ అంటే సాయంత్రం తినే భోజనం. కాబట్టి ‘భోంచేసే వచ్చుంటారుగా’ అని రాయాలి. ‘టీ తాగే వచ్చుంటారు’ అంటే పిసినారితనం సగమే కనిపిస్తుంది.

చివరిగా ‘బ్రూ’ గురించి. అదే కథలో మాంచెస్టర్ పాత్ర టీని ‘బ్రూ’ అంటుంది, దాన్ని ‘చాయ్’ అందామా అని అడిగారు. వద్దు. చాయ్ అనగానే తెలంగాణ, ఇరానీ హోటల్ కళ్ళముందుకొస్తాయి. ‘బ్రూ’ అలాగే ఉంచినా మనవాళ్ళకు కాఫీ పొడి ప్యాకెట్టే గుర్తొస్తుంది. ‘తేనీరు’ అసలే వద్దు, గవర్నర్ తేనీటి విందు వార్తల్లో తప్ప ఏ ఇంట్లోనూ ఎవరూ అనని మాట అది. ‘టీ’ అనే రాసి, ఆ పాత్ర యాసను మిగతా మాటల్లో చూపించండి.