ఎనిమిదో తరగతిలో వ్యాసరచనకూ ఎన్‌ఎంఎంఎస్ తయారీకీ సమయం ఎలా సర్దాలి?

ప్రశ్న: తెలుగు ఉపాధ్యాయిని, దేవరకొండ ప్రాంతం

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిది వరకు తెలుగు చెబుతాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతన పరీక్షకు సిద్ధమవుతున్నారు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి కనుక, కూలీనాలీ చేసుకునే తల్లిదండ్రులు దాని మీద ఎంత ఆశ పెట్టుకుంటారో మీకు చెప్పనక్కరలేదు. అయితే ఆ పరీక్షలో మేధాసామర్థ్యానికి 90 ప్రశ్నలు, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం, గణితం మూడింటికీ కలిపి మరో 90 ప్రశ్నలు ఉంటాయే తప్ప భాషకు ఒక్క ప్రశ్న కూడా లేదు. అందుచేత దసరా సెలవులు కాగానే తెలుగు పీరియడ్లలో వారానికి రెండింటిని ప్రత్యేక తరగతులకు ఇవ్వమని బడిలో అడుగుతున్నారు.

ఇటు చూస్తే వ్యాసరచన పరిస్థితి అంతంత మాత్రంగానే ఉన్నది. 'నీటి పొదుపు' గురించి రాయమంటే దాదాపు ప్రతి నోటుపుస్తకంలోనూ 'నీరు లేనిదే ప్రాణికోటికి మనుగడ లేదు' అనే గైడు వాక్యమే మొదట కనిపించింది. ముగింపూ గైడుదే. అంశాన్ని కొద్దిగా మార్చి ఇస్తే పెన్ను కదలడం లేదు. ఉన్న పీరియడ్లను కూడా వదులుకుంటే ఈ పిల్లలకు రాయడం ఎప్పుడు వస్తుంది? రెండు పనులనూ కలిపి నడిపిన వారెవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత తెలుగు పండితుడు, వనపర్తి

అమ్మా, పీరియడ్ల సంగతి మిగతా మిత్రులు చెబుతారు. నేను వ్యాసం వరకే మాట్లాడతాను. 'నీటి పొదుపు' అని శీర్షిక ఇచ్చినంత కాలం పిల్లవాడు గైడునే ఆశ్రయిస్తాడు, ఎందుకంటే ఆ శీర్షికకు సమాధానం అందులో సిద్ధంగా ఉన్నది. 'మీ వాడకట్టులో నల్లా ఎప్పుడు వస్తుంది, నీళ్లు ఎవరు పడతారు, రాని రోజు ఏం చేస్తారు?' అని అడిగి చూడండి, దానికి ఏ గైడులోనూ జవాబు దొరకదు. అలా అడిగినప్పుడు ఒక అమ్మాయి నా తరగతిలో ఇలా రాసింది: 'నల్లా దినం తప్పి దినం వస్తది. అమ్మ కూలికి పోతది, నేనే పడుత. ఆ దినం బడికి ఆలస్యమైతది.'

ఈ మూడు వాక్యాలలో వ్యాసానికి కావలసిన సరుకంతా ఉన్నది. మొదటిది పరిస్థితి, రెండోది దాని వెనుక ఉన్న కుటుంబం, మూడోది ఫలితం. 'అయితే నల్లా ఏ వేళకు వస్తే నీకు బడి తప్పదు? పంచాయతీ వాళ్లతో ఏమని చెబుతావు?' అని అడిగితే నాలుగో వాక్యంగా ఆమె అభిప్రాయం వచ్చింది. ఉపోద్ఘాతం ఆ తరువాత రాయించాను. ముందే రాయమంటే మళ్లీ ప్రాణికోటి దగ్గరికే పోతారు. 'వస్తది, పోతది' అన్నవాటిని తొలి ప్రతిలో ఎర్ర సిరాతో కొట్టవద్దు. చెప్పదలచుకున్నది కాగితం మీదికి వచ్చిన తరువాత, రెండో ప్రతిలో 'వస్తుంది, పోతుంది' అని వాళ్లచేతనే మార్పించవచ్చు. అయినా మీ నల్లగొండ జిల్లాలోనే మర్రిగూడ, నాంపల్లి వైపు వంగిపోయిన పెద్దల నడుములను చూసి పెరిగిన పిల్లలకు ఫ్లోరైడ్ నీటి గురించి గైడు చెప్పవలసినది ఏమున్నదమ్మా?

జవాబు: గణిత ఉపాధ్యాయుడు, నారాయణపేట

మేడమ్, ఆ రెండు పీరియడ్లను పూర్తిగా వదులుకోకండి. గణితం చెప్పేవాడినై ఉండి ఈ మాట అంటున్నానంటే కారణం ఉన్నది. ఒక్కొక్క పేపరుకు 90 నిమిషాలలో 90 ప్రశ్నలు చేయాలి, అంటే ప్రశ్నకు ఒక్క నిమిషమే. మా పిల్లలలో చాలామంది లెక్క రాక కాదు, ప్రశ్నను సరిగా చదవక మార్కులు పోగొట్టుకుంటున్నారు. 'సరికానిది ఏది' అన్న ప్రశ్నకు సరైనదాన్ని గుర్తించి వస్తారు. ఇది చదువరితనంలోని లోపం, దీన్ని సరిదిద్దగలిగేది మీరే.

నేను చేయించే పని ఒకటి చెబుతాను. 2, 6, 12, 20, 30 తరువాత వచ్చే సంఖ్య ఏది అని అడిగి 36, 40, 42, 44 అని ఐచ్ఛికాలు ఇస్తాను. 42 అని చెప్పగానే వదిలిపెట్టను, 40 ఎందుకు కాదో రాయమంటాను. 'చివరి తేడా 10 కనుక మళ్లీ 10 కలిపితే 40 వస్తుంది. కానీ తేడాలు 4, 6, 8, 10 అని రెండేసి పెరుగుతున్నాయి కాబట్టి ఈసారి కలపవలసినది 12' అని రాయగలిగిన పిల్లవాడు ఎదుటివాడి వాదాన్ని చెప్పి, దానిని ఖండించి, తన మాట నిలబెట్టుకున్నట్లే కదా. మీరు వ్యాసంలో కోరేది కూడా ఇదే అనుకుంటాను. విజ్ఞానశాస్త్రం ప్రశ్నలకు కూడా ఇదే పద్ధతి సరిపోతుంది. పైగా ఇప్పటి పుస్తకాలలో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్నాయి కాబట్టి, ఇంగ్లీషు పాఠం అర్థం కాని పిల్లవాడు తెలుగు పుట చదివి కారణం రాయవచ్చు. ఓఎంఆర్ పత్రంతో పూర్తి నమూనా పరీక్షలు చివరి వారాలలో పెట్టుకుంటే చాలు.

జవాబు: తెలుగు ఉపాధ్యాయుడు, నల్లగొండ

పై ఇద్దరు చెప్పినవి మంచి మాటలే గాని, తరగతిలో యాభై మంది ఉన్నచోట అన్ని నోటుపుస్తకాలు దిద్దేదెవరు? ఎనిమిదిలోకి వచ్చినా కూడబలుక్కొని చదివే పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు. వారిచేత ముందు నోటితో చెప్పించి, పక్కన బాగా రాయగలిగిన వారిచేత రాయించడం తప్ప మరో దారి నాకు కనబడలేదు. దిద్దేటప్పుడు వారానికి ఒక్క అంశమే చూస్తాను. ఈ వారం కారణం చెప్పారా లేదా అన్నది చూస్తే, వచ్చే వారం పేరాల విభజన చూస్తాను. అక్షరదోషాలను ఆ వారం పట్టించుకోను. తల్లిదండ్రులకు మాత్రం ఒక విషయం స్పష్టంగా చెప్పండి. రెండు పేపర్లూ కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 32 శాతం రావాలన్నది అర్హత మాత్రమే. 180కి 72 తెచ్చుకున్నంత మాత్రాన జాబితాలో పేరు ఉంటుందని అనుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఒక్క పీరియడే ఇస్తానని, అందులో కూడా నేనే ఉండి తప్పు ఐచ్ఛికాలకు కారణాలు రాయిస్తానని బడిలో చెప్పాను, ఒప్పుకున్నారు. గణితం సార్, పాత ప్రశ్నపత్రాలలో దీనికి ఏ రకం ప్రశ్నలు ఏరుకోమంటారు?

జవాబు: గణిత ఉపాధ్యాయుడు, నారాయణపేట

బొమ్మల ప్రశ్నలు పక్కన పెట్టండి మేడమ్, వాటిలో రాయించడానికి పెద్దగా ఏమీ ఉండదు. రక్తసంబంధాలు, దిక్కులు, వరుసక్రమం మీద వచ్చేవి తీసుకోండి. 'అతని తండ్రి ఆమెకు మేనమామ' వంటి వాక్యం మీద మన పిల్లలు సగం పీరియడు వాదించుకోగలరు. ఆ వాదననే రాయమనండి.