కొత్త కంప్యూటర్ బిగించాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది. సాయం చేయండి

కోటగుమ్మం, 2026 జనవరి, రాత్రి 9.50
మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నవాణ్ణి ఇప్పటిదాకా లేవలేదు. ఆరు గంటలు దాటింది. పదహారు నెలలు జీతంలోంచి కొంత కొంత తీసిపెట్టి, ఈ 2026లో వచ్చే ఆటల కోసం కంప్యూటర్ భాగాలు విడివిడిగా తెప్పించుకున్నాను. పండుగ నాటికి అన్నీ చేరాయి. విజయనగరంలో బిగించి ఇచ్చే దుకాణాలు లేక కాదు, నా యంత్రం నా చేతులతోనే బిగించుకోవాలని కోరిక. వీడియోలు చూస్తూ ఒక్కో స్క్రూ పెట్టాను. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. మానిటర్ మాత్రం సిగ్నల్ లేదని చూపించి నల్లబడిపోతోంది. విప్పి మళ్లీ బిగించాను. మళ్లీ అదే. ఇలా నాలుగుసార్లు.

అన్నీ కొత్తవే, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మానిటర్ కూడా మంచిదే, పాత కంప్యూటర్‌కు పెడితే బొమ్మ వస్తోంది. ఏ భాగం పాడైందో చెప్పండి చాలు. వాపసు పంపడానికి ఇంకా నాలుగు రోజులే గడువు. నాన్నగారు రెండుసార్లు గుమ్మం దగ్గర నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది.

రాజాం27, రాత్రి 9.56
మానిటర్ వైరు ఎక్కడ పెట్టారు?

అరసవిల్లి, రాత్రి 10.02
ముందు ర్యామ్ (మెమరీ పలక) చూడండి. చాలా కేసుల్లో దాని వల్లే. పైకి కూర్చున్నట్టే ఉంటుంది గానీ ఒక చివర లేచి ఉంటుంది. తీసి, రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కితే టక్కున చప్పుడు రావాలి. ఒకటే స్టిక్ అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాడిలో పెట్టాలి, మొదటిదాంట్లో కాదు. అలాగే ప్రాసెసర్‌కు విడిగా ఒక కరెంటు వైరు ఉంటుంది, మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే పెద్ద పలక) పై మూలలో, ఎనిమిది పిన్నులది. కొత్తవాళ్లు దాన్ని మరిచిపోతుంటారు. స్విచ్ వేశాక రెండు మూడు నిమిషాలు కదపకుండా ఆగండి. కొత్త ర్యామ్‌ను బోర్డు మొదటిసారి సరిచూసుకోవడానికి సమయం తీసుకుంటుంది, ఆలోపు మనం కంగారుపడి ఆపేస్తాం.

ర్యామ్ మాత్రం వాపసు పంపకండి. పోయిన ఏడాది చివరి నుంచి ధరలు ఎలా పెరిగాయో తెలిసిందే. తయారీ ఎక్కువగా కృత్రిమ మేధ డేటా కేంద్రాలకే పోతోంది. ర్యామ్ తయారుచేసే మైక్రాన్ సంస్థ డిసెంబర్‌లో, మనలాంటి కొనుగోలుదారులకు అమ్మే తన క్రూషియల్ బ్రాండు వ్యాపారమే మూసేస్తున్నట్టు ప్రకటించింది. చేతిలో ఉన్న ర్యామ్‌ను బంగారంలా దాచుకోవలసిన రోజులు.

వంశధార, రాత్రి 10.14
బాబూ, భాగాల సంగతి తర్వాత. నీ గదిలో ఎర్తు ఉందా? ముప్పై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నవాణ్ణి, అందుకే అడుగుతున్నాను. మన జిల్లాల్లో పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉంటుంది, మూడో రంధ్రానికి వెనకాల వైరే ఉండదు. గోడ మీద అందానికి ఉంటుందంతే. నీ కంప్యూటర్ పెట్టె వెనుక రంగు లేని స్క్రూను వేలి వెనక భాగంతో తాకి చూడు. చీమ పాకినట్టు జిలజిలమందా, ఎర్తు లేనట్టే. కరెంటు పనివాణ్ణి పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిపించు, 230కి దగ్గరగా రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు.

ఎర్తు గుంత తవ్వితే చాలదు. బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయాలి, ఎండాకాలంలో వారానికి ఒకసారి బిందెడు నీళ్లు పోయాలి. తులసికోటకు రోజూ పోసే ఇంట్లో కూడా దీనికి పోయరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు స్తంభాలు వరసగా నేలకూలాయి. కరెంటు తిరిగి వచ్చిన రోజున నేను ఇంటింటికీ తిరిగాను. ఎర్తు ఉన్న ఇళ్లలో టీవీలు బతికాయి, లేని ఇళ్లలో మాడిపోయినవి నా చేతులతో విప్పాను. ఇంత డబ్బు పోసి కొన్న వస్తువుకు ఆ ఒక్క వైరు పెట్టించు. యూపీఎస్ కొంటే దాని నుంచి వచ్చేది గోడ కరెంటులాగే నున్నగా సాగే అసలైన సైన్ వేవ్ అవునో కాదో అడిగి కొను. చౌక రకాలతో కొత్త పవర్ సప్లైలు కొన్ని కరెంటు పోయిన క్షణంలోనే ఆగిపోతాయి.

కోటగుమ్మం, రాత్రి 10.31
అరసవిల్లి గారూ, ర్యామ్ రెండో గాడిలోనే ఉంది, చప్పుడు వచ్చేదాకా నొక్కాను. ఎనిమిది పిన్నుల వైరు పెట్టాను. అయిదు నిమిషాలు ఆగాను. మార్పు లేదు. వంశధార గారూ, మీరు చెప్పినది రేపు పగలు చూస్తాను. రాజాం గారూ, వైరు గట్టిగానే పెట్టాను, రెండుసార్లు తీసి పెట్టాను.

తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డే పాడైందని నా అనుమానం. వాపసు పంపేయమంటారా?

రాజాం27, రాత్రి 10.33
గట్టిగా పెట్టారా అని అడగలేదు. ఎక్కడ పెట్టారని అడిగాను. వెనుక వైపు ఫోటో పెట్టండి.

బొబ్బిలివీణ, రాత్రి 10.37
తమ్ముడూ, ఇంత కష్టపడి ఏ ఆట కోసం బిగించావో చెప్పు. కార్డు సరిపోతుందో లేదో దాన్నిబట్టి ఉంటుంది.

కోటగుమ్మం, రాత్రి 10.41
ఒకే ఒక్క ఆట. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6. నవంబర్ 19. అయిదో భాగం మా అన్నయ్య కంప్యూటర్‌లో ఆడినప్పుడు నేను తొమ్మిదో తరగతి. కొత్తదాని మొదటి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాను. ముందు 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఇప్పుడు నవంబర్ అంటున్నారు. ఎన్నిసార్లు వాయిదా వేసినా ఓర్చుకున్నాను. ఆ రోజుకు అన్నీ సిద్ధంగా ఉండాలి.

బొబ్బిలివీణ, రాత్రి 10.49
ఈ మాట ఎలా చెప్పాలో తెలియక కాసేపు ఆగాను. నవంబర్ 19న అది టీవీకి పెట్టి ఆడే యంత్రాలకే, అంటే ప్లేస్టేషన్ 5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకే వస్తుంది. కంప్యూటర్‌కు రాదు.

నాగావళి, రాత్రి 10.52
రాదు అనకండి. కంప్యూటర్‌కు వస్తుందని ప్రకటించలేదు అనండి. రెండింటికీ చాలా తేడా ఉంది. రాదన్న మాట పట్టుకుని ఈ అబ్బాయి కార్డు అమ్మేస్తే బాధ్యత ఎవరిది?

బొబ్బిలివీణ, రాత్రి 10.55
ఆ రోజున రాదు అన్నాను, ఎప్పటికీ రాదనలేదు. అయిదో భాగం 2013 సెప్టెంబర్‌లో వస్తే కంప్యూటర్‌కు 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే 2018 అక్టోబర్‌లో వచ్చింది, కంప్యూటర్‌కు 2019 నవంబర్‌లో. రెండూ చేసిన రాక్‌స్టార్ సంస్థ పద్ధతి అది. మనసు కష్టపెట్టుకోవద్దు తమ్ముడూ, నువ్వు కొన్న కంప్యూటర్‌కు ఈ ఏడాది పని చాలా ఉంది. వచ్చే నెల 27న రెసిడెంట్ ఈవిల్ రిక్వియం. మొదటి భాగం 1996 మార్చిలో వచ్చింది, అంటే ఆ వరసకు ముప్పై ఏళ్లు. మార్చి 19న క్రిమ్సన్ డెజర్ట్. మే 27న జేమ్స్ బాండ్ ఆట ఫస్ట్ లైట్, హిట్‌మన్ ఆటలు చేసినవాళ్లదే. సెప్టెంబర్ 9న చైనా నుంచి ఫాంటమ్ బ్లేడ్ జీరో. అన్నీ కంప్యూటర్‌కు కూడా వస్తున్నాయి. వుల్వరిన్ ఒక్కటి మాత్రం ప్లేస్టేషన్ 5కే, దాని విడుదల తేదీ శరదృతువు.

నా మట్టుకు నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నది ప్రాగ్మాటా కోసం, అది ఏప్రిల్‌లో. 2020లో మొదట చూపించి, 2022 అని, 2023 అని, ఆ తర్వాత తేదీయే లేదన్నారు. పోయిందనుకున్నాను. డెమో ఉచితంగా ఉంది, పండుగ రోజుల్లో మూడుసార్లు ఆడాను. చంద్రుడి మీద ఒక మనిషి, వీపున ఆండ్రాయిడ్ పాప, అంటే మనిషి రూపంలో ఉన్న రోబో. ఎదురుగా వచ్చే రోబో మీద గురి పెట్టగానే పక్కన గళ్ల పలక తెరుచుకుంటుంది. గళ్ల మీదుగా దారి గీసుకుంటూ చివరి గడి చేరితే దాని కవచం విచ్చుకుంటుంది, అప్పుడే తూటా దిగుతుంది. ఈలోపు రోబో ఆగదు, నడుచుకుంటూ వచ్చేస్తుంటుంది. కళ్లు రెండు చోట్ల, చేతులు రెండు పనుల్లో. మొదటి పది నిమిషాలు చిరాకుపడ్డాను, పదకొండో నిమిషం నుంచి వదలబుద్ధి కాలేదు. కంప్యూటర్ వెలగగానే ముందు అది దింపుకో.

నాగావళి, రాత్రి 11.01
శరదృతువు అన్నది తేదీ కాదండీ. తేదీ అంటే రోజు చెప్పాలి. పైగా వాళ్ల శరత్తు వేరు, సెప్టెంబర్ ఆఖరు నుంచి డిసెంబర్ దాకా సాగుతుంది. మన శరత్తు ఆశ్వయుజ, కార్తీకాలు. మా మేనల్లుడు ఇలాగే చదివి, పైడితల్లి సిరిమాను నాటికి ఆట వచ్చేస్తుందని లెక్క వేసుకున్నాడు. తేదీ ప్రకటించినవాటినీ, కాలం మాత్రమే చెప్పినవాటినీ విడివిడిగా రాస్తే చదివేవాళ్లు మోసపోరు.

బొబ్బిలివీణ, రాత్రి 11.03
సరే, తేదీ కాదు, అంచనా. కానీ మే 26 అని రోజుతో సహా చెప్పినది కూడా నవంబర్‌కు జరిగింది కదా. అప్పుడు దాన్ని ఏమనాలి?

నాగావళి, రాత్రి 11.05
ప్రకటించిన తేదీ అనాలి. విడుదల తేదీ అనేది విడుదలయ్యాకే ఉంటుంది.

చీపురుపల్లి, రాత్రి 11.08
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గర ఉన్నది ఎనిమిదేళ్ల ల్యాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. హాలో నైట్ సిల్క్‌సాంగ్ 2019 ఫిబ్రవరిలో ప్రకటిస్తే 2025 సెప్టెంబర్ 4 దాకా ఎదురుచూశాను. ఆ సాయంత్రం కొనేవాళ్ల తాకిడికి ఆన్‌లైన్ దుకాణాలే కాసేపు తెరుచుకోలేదు. దాన్ని చేసింది ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు చెందిన కొద్దిమంది. ఈ పాత యంత్రంలో హాయిగా నడుస్తోంది, ఇప్పటికీ రోజూ గంట ఆడుతున్నాను. అందరూ పెద్ద కార్డు కావలసిన ఆటల గురించే మాట్లాడుతున్నారు. ఈ ఏడాది నాలాంటివాళ్ల యంత్రాల్లో నడిచేవి ఏమున్నాయో ఎవరైనా చెప్పగలరా?

కోటగుమ్మం, రాత్రి 11.12
నవంబర్ సంగతి చదివాక కాసేపు ఏమీ తోచలేదు. కంప్యూటర్‌కు రాదని ఒక్క వీడియోలోనూ గట్టిగా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆటల ట్రైలర్ల చివర ఏ యంత్రాలకు వస్తుందో చెప్పే గుర్తులు వస్తాయని తెలుసు, ఈ ట్రైలర్ వందసార్లు చూసినా వాటిని మాత్రం చూడలేదు. సరే, ముందు ఇది వెలగాలి. రాజాం గారూ, ఫోటో పెట్టాను చూడండి.

రాజాం27, రాత్రి 11.14
ప్రాసెసర్ పేరు పూర్తిగా చెప్పండి. చివరి అక్షరంతో సహా.

కోటగుమ్మం, రాత్రి 11.15
ఇంటెల్ ఐ5 12400ఎఫ్. ధర తక్కువని అది తీసుకున్నాను.

రాజాం27, రాత్రి 11.18
ఆ ఎఫ్ ఉన్నవాటి లోపల గ్రాఫిక్స్ ఉండదు, ధర తక్కువ అందుకే. మీ మానిటర్ వైరు (హెచ్‌డీఎంఐ) పైన మదర్‌బోర్డు వరసలో ఉంది, యూఎస్‌బీల పక్కన. అక్కడికి బొమ్మ రాదు. దానికి కింద, అడ్డంగా ఉన్న పలకలో ఇంకో హెచ్‌డీఎంఐ ఉంది, అది కార్డుది. ప్లాస్టిక్ మూత ఉంటే తీసి అందులో పెట్టండి. కార్డుకు పక్క నుంచి కరెంటు వైరు పెట్టారా?

అరసవిల్లి, రాత్రి 11.21
ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది కదా.

రాజాం27, రాత్రి 11.22
మొదటే అడిగాను.

వంశధార, రాత్రి 11.26
వైరు మార్చే ముందు గోడ స్విచ్ ఆపు బాబూ. ప్లగ్గు పూర్తిగా లాగేయకు, ఎర్తు తెగిపోతుంది. అసలు ఎర్తు ఉంటే సుమా.

నాగావళి, రాత్రి 11.30
కార్డు మీద ఉన్నది అడ్డంగా అన్నారు, కొన్ని పెట్టెల్లో కార్డు నిలువుగా బిగిస్తారు. కింద అంటే చాలు.

కోటగుమ్మం, రాత్రి 11.47
వచ్చింది. బోర్డు పేరు తెర మీద కనిపించింది. పాత కంప్యూటర్‌కు కార్డే లేదు, వైరు ఎప్పుడూ పైనే ఉండేది. చెయ్యి అలవాటుగా నాలుగుసార్లూ అక్కడికే వెళ్లింది. నాన్నగారు పడుకోలేదు, చప్పుడు విని వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. విండోస్ ఎక్కుతోంది. అందరికీ ధన్యవాదాలు, రాజాం గారికి మరీ.

బొబ్బిలివీణ, రాత్రి 11.50
సంతోషం తమ్ముడూ. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేశాక ప్రాగ్మాటా డెమో మరిచిపోకు. ఆడి ఎలా ఉందో రాయి.

చీపురుపల్లి, రాత్రి 11.58
నా ప్రశ్నకు ఎవరైనా వీలు చూసుకుని జవాబు ఇవ్వండి.

వంశధార, ఉదయం 6.20
బాబూ, ఆ స్క్రూ తాకి చూశావా? జిలజిలమందా లేదా చెప్పలేదు.