స్టాండర్డ్ హెరాల్డ్ స్టీరింగ్‌లో ప్లే: ర్యాక్ మార్చాల్సిందేనా?

ప్రశ్న (తిరుపతి)
అందరికీ నమస్కారం. బండి 1968 స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసు తయారీ. స్టీరింగ్‌లో ప్లే (వదులు) వచ్చింది, రెండంగుళాలు తిప్పినా చక్రం కదలడం లేదు. మెకానిక్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకి జరిగి చక్రాల్ని తిప్పే పళ్ల కడ్డీ) మొత్తం మార్చమంటున్నాడు. విప్పకముందు ఏమేం చూడాలి? ఈలోగా తిరుమల ఘాట్ ఎక్కించొచ్చా?

జవాబు 1 (చిత్తూరు)
ఘాట్ సంగతి ఇప్పుడొద్దన్నా. బండి నేలమీదే ఉంచి, ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడిస్తుంటే మీరు బానెట్ ఎత్తి ర్యాక్ గొట్టాన్ని (ర్యాక్ లోపల ఉండే తొడుగు) చూడండి. యూ బోల్టుల కింద గొట్టమే పక్కకి జరుగుతుంటే ర్యాక్‌ది తప్పు కాదు, దాన్ని పట్టుకునే రబ్బర్లు పోయినట్టు. ఇంజన్ ఆయిల్ కారి వాటిమీద పడితే మెత్తబడి ఉబ్బుతాయి. కొత్త రబ్బర్లు వేస్తే చాలు. అల్యూమినియం ముక్కలు లేత్‌లో తిప్పించి వేసేవాళ్లున్నారు గానీ, గుంతల దెబ్బ నేరుగా చేతికొస్తుంది. గొట్టం కదలకపోతే స్టీరింగ్ కాలమ్ కింది కప్లింగ్ రబ్బర్లు, టై రాడ్ ఎండ్లు (ర్యాక్‌ను చక్రాలకి కలిపే కడ్డీల చివరి జాయింట్లు) చూడండి. ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను మాత్రం పాతది వాడొద్దు.

జవాబు 2
ప్రాణం మీదికి తెచ్చేది ట్రనియన్, అంటే ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ (వర్టికల్ లింక్) కింది కొస మరలతో దిగే జాయింటు. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట ఆగితే తప్పు చక్రం బేరింగుది, ఆగకపోతే ట్రనియన్ లేదా పై బాల్ జాయింటు. ట్రనియన్‌లో గ్రీజు కొట్టకూడదు, ఈపీ 90 గేర్ ఆయిలే పోయాలి. గ్రీజు గడ్డకట్టి మరల్లోకి దిగదు. నీళ్లు చేరి వర్టికల్ లింక్ మరలు తుప్పు తింటాయి, అక్కడే చీలిక మొదలై ఏదో మలుపులో లింక్ విరిగి చక్రం మడతపడుతుంది. మరలో గుంటలు కనిపిస్తే లింక్ మార్చేయండి. వెల్డింగ్ జోలికి అస్సలు పోవద్దు. రెండు వైపుల మరలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి కాబట్టి ఎడమవీ కుడివీ కలిసిపోకుండా విడిగా పెట్టుకోండి. ట్రనియన్‌ను చివరిదాకా బిగించి వదిలేయకూడదు, కొంచెం వెనక్కి తిప్పితేనే రెండు వైపులా పూర్తిగా తిరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు
గొట్టమే జరుగుతోంది సార్. పనిలో పనిగా ర్యాక్ కూడా బిగించొచ్చా?

జవాబు 2
రబ్బర్లు వేశాక ప్లే మిగిలితేనే, డ్యాంపర్ (ర్యాక్‌ను పళ్లచక్రానికి ఒత్తి పెట్టే భాగం) మూత కింది షిమ్ములు, అంటే పల్చటి రేకులు, తగ్గించండి. ర్యాక్ పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. మధ్యలో ప్లే పోయేలా బిగిస్తే చివర్లలో పట్టేసి, మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు. రెండు చివరలకూ తిప్పి చూశాకే మూత బిగించండి. తర్వాత అలైన్‌మెంట్: టో ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) 1.5 మిల్లీమీటర్లు దాటనివ్వకండి.